సగంలో వదిలేసిన పుస్తకానికి రేటింగ్ ఇవ్వొచ్చా?

సిరామరక:
ఈమధ్య చదివిన పుస్తకాల మీద వస్తున్న అభిప్రాయాల్లో ఒక రకం బాగా పెరిగింది. "120 పేజీల దగ్గర ఆపేశాను, ముందుకు కదల్లేదు, రెండు నక్షత్రాలు." ఇది సరైన పని కాదని నా వాదన.

పుస్తకం వదిలేసే హక్కు ఎవరికీ లేదనడం లేదు. ఫ్రెంచ్ రచయిత డేనియల్ పెనాక్ 1992లో పాఠకుడికి పది హక్కులు రాసిపెట్టాడు. పూర్తి చెయ్యకుండా వదిలేయడం అందులో మూడోది. నిక్షేపంగా వదిలేయండి, తీర్పు మాత్రం చెప్పకండి. నవల మొదటి మూడో వంతులో లోపంలా కనిపించేదే తర్వాత అసలు విషయం కావచ్చు. కథ చెప్పే పాత్ర అబద్ధాలకోరు అయితే, ఆ గొంతులోని తేడా మొదట్లో రచయిత చేతగానితనంలాగే ఉంటుంది. ఒకే సంఘటన రెండు చోట్ల రెండు రకాలుగా వస్తే ఎడిటర్ నిద్రపోయాడనుకుంటాం. అది కావాలని చేసిందని 300వ పేజీలో తెలుస్తుంది. 120 దగ్గర దిగిపోయినవాళ్ళకి అది తెలిసే దారే లేనప్పుడు, మొత్తం పుస్తకానికి నక్షత్రాలు ఎలా ఇస్తారు?

వెన్నుపట్టీ:
సిరామరక గారూ, మీ నియమం పెడితే రేటింగులే అబద్ధం చెబుతాయి. లెక్క చూడండి. పదిమంది ఒక పుస్తకం మొదలుపెట్టారు. ఆరుగురు పూర్తిచేసి తలా 4 ఇచ్చారు. నలుగురు మధ్యలో ఆపేశారు, అడిగితే 2 ఇచ్చేవాళ్ళు. మీ పద్ధతిలో సగటు 4.0. అందరినీ కలిపితే 3.2. కొత్తగా కొనబోయే మనిషికి ఏది నిజం? అతను పూర్తి చేస్తాడో లేదో ముందే తెలీదు కదా.

ఇది ఊహ మాత్రమే కాదు. వరస భాగాలుగా వచ్చే నవలల్లో రెండో భాగం, మూడో భాగం రేటింగు మొదటి దానికన్నా ఎక్కువ ఉండటం మామూలే. తర్వాతి భాగాలు అంత గొప్పగా ఉన్నాయని కాదు, మొదటిది నచ్చనివాళ్ళు అక్కడిదాకా రాలేదు, అంతే. పుస్తకం ఎంతమందిని మధ్యలో పోగొట్టుకుంటుందో చెప్పే సమాచారాన్ని మనమే దాచిపెట్టడం ఎందుకు?

పుటపురుగు:
ఇద్దరూ "120 పేజీలు" అనే మాటని అలాగే తీసుకుంటున్నారు. నాకు అసలు చిక్కు అక్కడే ఉంది. పేజీ నంబరు ఒక్కో ఎడిషన్‌లో ఒక్కోలా ఉంటుంది. చిన్న అచ్చు ప్రతిలో 120 అంటే పెద్ద అచ్చులో 180 కావచ్చు. అధ్యాయం నంబరు, మొత్తంలో ఎన్నో వంతు అనేవి రాస్తేనే చదివేవాళ్ళకి పనికొస్తుంది.

ఈ-రీడర్‌లో కనిపించే శాతాన్ని కూడా నమ్మొద్దు. చరిత్ర, విజ్ఞానశాస్త్ర పుస్తకాల్లో నోట్స్, గ్రంథసూచి, ఇండెక్స్ కలిపి ఒక్కోసారి నాలుగో వంతు దాకా తినేస్తాయి. అలాంటి పుస్తకంలో 75 శాతం దగ్గర "ఆపేశాను" అన్న మనిషి నిజానికి చివరి వాక్యం దాకా చదివేసినట్టే. విషయసూచికలో "నోట్స్" మీద నొక్కి, అది ఏ శాతం దగ్గర మొదలవుతుందో చూసుకోండి. దాన్ని వందగా పట్టుకుని లెక్కేసుకోవాలి.

2014లో గణితవేత్త జోర్డన్ ఎలెన్‌బర్గ్ కూడా ఇలాంటి లెక్కే ఒకటి కట్టాడు. కిండిల్‌లో జనం ఎక్కువగా గీత గీసుకున్న ఐదు వాక్యాల పేజీ నంబర్ల సగటు తీసి, మొత్తం పేజీలతో భాగించాడు. ఆర్థికవేత్త థామస్ పికెట్టీ పెట్టుబడి మీద రాసిన గ్రంథానికి వచ్చింది 2.4 శాతం, అంటే జనం గీతలు దాదాపు మొదట్లోనే ఆగిపోయాయి.

సిరామరక:
ఆ లెక్క సరదాకేనని, శాస్త్రీయం కాదని ఎలెన్‌బర్గే చెప్పాడు. పైగా వాదనంతా ముందుమాటలోనే చెప్పేసే పుస్తకంలో జనం గీతలు ముందుమాటలోనే గీస్తారు. గీత ఆగిందని చదవడం ఆగినట్టు కాదు. అయితే శాతం, అధ్యాయం రాయాలన్నది ఒప్పుకుంటాను.

అచ్చుతప్పు:
ఎక్కడ ఆపారన్నదానికన్నా ఎందుకు ఆపారన్నది ముఖ్యం. కారణాలు మూడు చోట్ల నుంచి వస్తాయి, మనం మూడింటినీ రచయిత నెత్తినే రుద్దుతున్నాం.

కొన్ని చదివేవాళ్ళవి. పరీక్షల మధ్యలో 800 పేజీల కుటుంబగాథ మొదలుపెడితే పాత్రల పేర్లే గుర్తుండవు. దానికి రేటింగ్ ఇవ్వడం అన్యాయం. "ఇప్పుడు కాదు" అని పక్కన పెట్టెయ్యాలి.

కొన్ని మన చేతిలో ఉన్న ప్రతివి. ఆడియోలో చదివిన గొంతు అన్ని పాత్రలకీ ఒకేలా ఉందంటే అది రచయిత తప్పు కాదు. 1.5 వేగంలో వింటే హాస్యం పోతుంది, మాటకీ మాటకీ మధ్య ఉండాల్సిన విరామం కుదించుకుపోతుంది కాబట్టి. ఇక అనువాదం. రష్యన్ సాహిత్యాన్ని ఇంగ్లిష్‌లోకి గంపగుత్తగా తెచ్చిన కాన్‌స్టెన్స్ గార్నెట్ మీద కవి జోసెఫ్ బ్రాడ్‌స్కీ చేసిన ఫిర్యాదు ఇదే: టాల్‌స్టాయ్, దోస్తోయెవ్‌స్కీ ఇద్దరూ ఒకేలా వినిపిస్తున్నారంటే జనం చదువుతున్నది వాళ్ళని కాదు, గార్నెట్‌ని. అనువాదం మీద అభిప్రాయం రాసేటప్పుడు అనువాదకుల పేరు లేకపోతే ఆ రాసింది సగం వృథా. అనుమానం వస్తే ఒక్క పని చెయ్యండి. సంభాషణ ఉన్న ఒక పేజీ తీసుకుని, వేరే అనువాదంలో అదే పేజీ చూడండి. అక్కడ పాత్రలు వేరువేరుగా మాట్లాడుతుంటే తప్పు ఎవరిదో తేలిపోతుంది.

మిగిలినవే పుస్తకానివి. వాటి గురించి సగం చదివినవాళ్ళు కూడా గట్టిగా మాట్లాడొచ్చు, కాకపోతే చూపించి మాట్లాడాలి. "బోర్ కొట్టింది" అంటే ఎవరికీ ఏమీ తెలీదు. "మూడో అధ్యాయంలో పదేళ్ళ పిల్లా, ఆమె తాతా ఒకే రకం పొడుగు వాక్యాల్లో మాట్లాడతారు. 'అన్నాడు', 'అంది' తీసేస్తే ఏది ఎవరి మాటో చెప్పలేం" అని రాస్తే, చదివేవాళ్ళు ఆ అధ్యాయం తెరిచి సరిచూసుకోగలరు. ఆ లోపం 300వ పేజీలో ఏం జరిగినా మారదు.

వెన్నుపట్టీ:
అచ్చుతప్పు గారితో నూటికి నూరుపాళ్ళూ ఏకీభవిస్తాను. సిరామరక గారి అభ్యంతరానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. కథ ఎటు పోతుంది, ముగింపు న్యాయంగా ఉందా లాంటివి పూర్తి చేస్తేగానీ చెప్పలేం. వాక్యం, సంభాషణ, అచ్చు, పరిశోధనలో తప్పులు, ఇవి 60 పేజీల్లోనే తెలుస్తాయి.

అట్టచివర:
60 పేజీలని ఎలా తేల్చారు? అమెరికన్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ చెప్పిన సూత్రం 50 పేజీలు. యాభై దాటినవాళ్ళు వందలోంచి వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. ఆపడానికి అది మంచి సూత్రమే. అభిప్రాయం రాయడానికి పనికిరాదు. 200 పేజీల నవలలో 50 అంటే పావు వంతు, 800 పేజీల నవలలో ఆరు శాతం.

పేజీలు కాకుండా నిర్మాణం చూడండి. నవల అయితే మొదటి పెద్ద మలుపు దాటాలి. అంటే ప్రధాన పాత్ర ఇక వెనక్కి వెళ్ళలేని స్థితికి వచ్చే చోటు, చాలా నవలల్లో ఐదో వంతుకీ మూడో వంతుకీ మధ్య వస్తుంది. దానికి ముందే ఆపితే, కథ గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదు. కథేతర పుస్తకాలకి వేరే దారి ఉంది. అమెరికన్ తత్వవేత్త మార్టిమర్ ఆడ్లర్, చార్లెస్ వాన్ డోరెన్‌తో కలిసి 1972లో తిరగరాసిన 'హౌ టు రీడ్ ఎ బుక్'లో పైపైన చూసే చదువుని కూడా ఒక పద్ధతిగా నేర్పాడు. ముందుమాట, విషయసూచిక, ఇండెక్స్ చూడటం, కీలకమనిపించిన అధ్యాయాలు తిరగెయ్యడం, చివరి పేజీలు చదవడం. ఇది చేసి "ఈ పుస్తకం దేని గురించి, ఎవరికి" అని ధైర్యంగా రాయొచ్చు.

పుటపురుగు:
దేని గురించో రాయొచ్చు. వాదన నిలిచిందా లేదా అన్నది అలా తేలదు. ముందుమాటలో, ముగింపులో ఉండేది రచయిత చెప్పుకునేది. సాక్ష్యం ఉండేది మధ్య అధ్యాయాల్లో. కనీసం ఒక మధ్య అధ్యాయం నోట్స్‌తో సహా పూర్తిగా చదవాలి. నోట్స్‌లో పది చోట్ల ఎనిమిది రచయిత పాత వ్యాసాలవైపే చూపిస్తుంటే, అది రాయదగ్గ విషయం. ఒక పెద్ద వాక్యానికి ఏ నోటూ లేకపోతే అది ఇంకా రాయదగ్గ విషయం.

సిరామరక:
సరే, రాతపూర్వక అభిప్రాయం విషయంలో వెనక్కి తగ్గుతున్నాను. ఏ ఎడిషన్, ఎవరి అనువాదం, ఎన్నో అధ్యాయం దాకా, కారణం ఏంటి, ఈ నాలుగూ మొదటి రెండు వాక్యాల్లో ఉంటే ఎవరైనా రాసుకోవచ్చు. నక్షత్రాల మీద మాత్రం కదలను. నక్షత్రం పక్కన "పావు వంతే చదివాను" అని ఎక్కడా కనబడదు. సగటులో కలిసిపోతుంది. అసలు ఆ కొలబద్దే గందరగోళం: పుస్తకాలకి రేటింగులిచ్చే గుడ్‌రీడ్స్ సైట్‌లో రెండు నక్షత్రాలకి వాళ్ళిచ్చిన అర్థం "ఫర్వాలేదు". మనవాళ్ళు ఛీకొట్టడానికి వాడుతున్నారు. సగం చదువు, దాని మీద తప్పు కొలత, రెండూ కలిసి ఒక అంకె అయి కూర్చుంటున్నాయి.

వెన్నుపట్టీ:
కొలత గందరగోళం పూర్తిగా చదివినవాళ్ళకీ ఉంది, వాళ్ళ నక్షత్రాలు తీసెయ్యమనడం లేదు కదా. నా పదిమంది లెక్క అలాగే నిలబడి ఉంది. ఆ నలుగురినీ తీసేస్తే 4.0 అనే అంకె ఎవరికి సాయం చేస్తుందో చెప్పండి.

సిరామరక:
పుస్తకాన్ని చివరిదాకా చదివే ఓపిక ఉన్న మనిషికి. అతనికి కావలసింది ఆ ఆరుగురి మాటే. మిగతా నలుగురి కోసం "మధ్యలో ఆపినవాళ్ళు" అని వేరే అంకె పెట్టండి, మొదట చూసేది నేనే అవుతాను. రెండూ కలిపి 3.2 అంటే పదిమందిలో ఒక్కరి అభిప్రాయం కూడా అది కాదు.

వెన్నుపట్టీ:
వేరే అంకె పెట్టే వీలుంటే నాకూ సమ్మతమే. అది లేనంత కాలం కలిపి చూపించడమే తక్కువ తప్పు.

అచ్చుతప్పు:
కథాసంపుటాల సంగతి ఎవరూ ఎత్తలేదు. వాటిలో "సగం" అనే మాటే సరిపడదు. పన్నెండు కథల్లో ఏడు చదివితే, ఏడు కథలు పూర్తిగా చదివినట్టు. ఆ ఏడింటి మీద తీర్పుకి ఎవరూ అడ్డు చెప్పలేరు. ఏవి చదివారో పేర్లు రాయండి. వరసలో మొదటి ఏడే చదివి ఉంటే అదీ చెప్పండి, చాలా సంపుటాల్లో బలమైన కథల్ని ముందూ చివరా సర్ది, బలహీనమైనవి మధ్యలో పెడతారు. ఆపాలనే అనిపిస్తే పుస్తకం పేరు పెట్టుకున్న కథ, ఆఖరి కథ చదివి ఆపండి.