గిట్టుబాటు అంటే లాభమేనా?

నిన్న మన గుంపులో ఒకరు పత్రికలో వచ్చిన శీర్షిక పెట్టి, ‘గిట్టుబాటు ధర’ అనే బదులు ‘లాభసాటి ధర’ అంటే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది కదా, రెండూ ఒకటేగా అని అడిగారు. చాలామంది ఒకటేనన్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పే దాన్ని కాబట్టి ఈ మాటతో నాకు రోజూ పని. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు వాడుక చూడండి. ‘ఎకరాకు లాభమెంత?’ అని అడుగుతాం. ‘ఎకరాకు గిట్టుబాటెంత?’ అని మన నెల్లూరు జిల్లా కోవూరులోనూ అడగరు, ప్రకాశం జిల్లా కొండపిలోనూ అడగరు. ‘గిట్టుబాటు అయిందా?’ అంటారు. దానికి ‘అయింది’ అనో ‘కాలా’ అనో జవాబు వస్తుంది, అంకె రాదు. రెండో సంగతి, గిట్టాలంటే ఎవరికో ఒకరికి గిట్టాలి. నాకు గిట్టదు, కౌలుదారుకు గిట్టలా, ఆ రేటుకి కూలోళ్లకి గిట్టుద్దా? ఎప్పుడూ ఆ ‘కి’, ‘కు’ ఉండాల్సిందే. లాభాన్ని ఎవరు లెక్కేసినా అంతే తేలుతుంది. గిట్టడం మాత్రం మనిషిని బట్టి మారుతుంది. ఒకే గట్టుకు అటొక పొలం, ఇటొక పొలం, ఇద్దరూ అమ్మింది ఒకే ధరకు. అయినా ఒకరికి గిట్టుద్ది, ఇంకొకరికి గిట్టదు.

ఎందుకట్టా? విడవలూరు, ఇందుకూరుపేట వైపు సొంత పొలంలో వరి వేసిన రైతును తీసుకోండి. ఖర్చులన్నీ పోను ఎకరాకు 12,000 రూపాయలు మిగిలాయనుకుందాం. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు. అదే పొలాన్ని రొయ్యల గుంటకు కౌలుకిచ్చి ఉంటే 30,000 వచ్చేవి. ఆ రైతు ‘వరి గిట్టలా’ అంటాడు. చేతిలో 12,000 పెట్టుకుని అబద్ధమాడుతున్నాడని మనం అనుకుంటే అతని మాట మనకు అర్థం కానట్టే. చేతికొచ్చినదాన్ని, రాగలిగి కూడా రాకుండా పోయినదాని పక్కన పెట్టి చూసి చెప్తున్నాడు. మా పాఠ్యపుస్తకం దీన్నే ‘అవకాశ వ్యయం’ అంటుంది. ఒకదాన్ని ఎంచుకున్నప్పుడు వదులుకోవలసి వచ్చిన వాటిలో అన్నిటికన్నా మేలైనదాని విలువ. ఆస్ట్రియా ఆర్థికవేత్త ఫ్రీడ్రిచ్ వాన్ వీజర్ పేరు ఈ భావంతో ముడిపడి ఉంది. పిల్లలు నిర్వచనం తప్పు లేకుండా రాస్తారు. మీ ఇంటి పొలంలో అవకాశ వ్యయం ఎంత అంటే తల దించుకుంటారు. మీ నాయన వరి ఎందుకు గిట్టదంటున్నాడు అని అడగండి, తరగతంతా మాట్లాడుతుంది.

ఇంకా లోతైన సంగతి నిమ్మతోటల్లో ఉంది. పొదలకూరు వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో కాయకు మంచి ధర ఉంటుంది, వానలు పడి కాయ ముమ్మరంగా దిగాక ధర జారిపోతుంది. అట్టాంటప్పుడు తోటలో కాయ కోతకొచ్చిందనుకోండి. నీళ్లు పెట్టిన ఖర్చు, ఎరువులు, మందులు అప్పటికే అయిపోయాయి. కోసినా కోయకపోయినా అవి తిరిగి రావు. ఇక రైతు ముందున్నది ఒకటే ప్రశ్న: కోత కూలి, బస్తాలు, మార్కెట్‌కు బండి బాడుగ, ఈ మూడూ పోను ఏమన్నా మిగులుతుందా? మిగిలితే కోత గిట్టినట్టే, ఏడాది మొత్తం మీద నష్టమైనా సరే. మిగలకపోతే కాయ చెట్టుకే వదిలేస్తారు. రోడ్డు మీద పోయేవాళ్లు రాలిన కాయలు చూసి ‘అయ్యో, ఎవరికన్నా ఇవ్వచ్చు కదా’ అంటారు. ఇవ్వాలన్నా కోయాలి, కోయాలంటే కూలి ఇవ్వాలి.

కాబట్టి ఒకే రైతు ఒకే వారంలో ‘ఈ ఏడు తోట గిట్టలా’ అనీ, ‘రేపు కోత పెట్టుకుంటే గిట్టుద్ది’ అనీ అనగలడు. రెండూ నిజమే. మొదటిది ఏడాది మొదట్లో ఎంచుకున్న దారి గురించి, రెండోది ఇప్పుడు ముందున్న దారి గురించి. ఇక్కడ గిట్టడం తీసేసి లాభం పెట్టి చూడండి. ‘తోటకు లాభం రాలేదు, కోతకు లాభం వస్తుంది’ అంటే వినేవాడికి ఏమీ అర్థం కాదు. అయిపోయిన ఖర్చును పక్కన పెట్టి ఆలోచించడం నేర్పడానికి మాకు తరగతిలో రెండు పీరియడ్లు పడుతుంది. ఈ మాట వాడేవాళ్లకు అది మాటతోనే వచ్చేసింది. నాకు ఇది చాలా గొప్పగా అనిపిస్తుంది, అందుకే లాభసాటి అన్న మాటను దీని బదులు పెట్టడానికి మనసొప్పదు.

కావలి నుంచి ఒక విశ్రాంత తెలుగు పండితులు:
అమ్మా, మంచి మాట ఎత్తుకున్నారు. రూపం గురించి నాలుగు ముక్కలు. చివరనున్న ‘బాటు’ పడు ధాతువు నుంచి వచ్చింది. ఏర్పడు ఏర్పాటైనట్టు, తడబడు తడబాటైనట్టు. సేద్యం లెక్కల్లో మాటలు చూడండి: పెట్టుబడి, రాబడి, దిగుబడి, గిట్టుబాటు. నాలుగింటిలోనూ ఆ పడు ఉంది. ఇక గిట్టు అంటే సరిపడు, నచ్చు. ‘వాడంటే నాకు గిట్టదు’ అంటాం. కిట్టు అనీ అంటాం, ‘కిట్టనివాళ్లు ఏదో అంటారు’. తమిళంలో కిట్టు అంటే దగ్గరపడు, చేతికందు. తమిళనాడు సరిహద్దు దగ్గరి తడ, సూళ్లూరుపేట వాళ్లు రెండు భాషలూ వింటారు కాబట్టి వాళ్లేమంటారో వినాలనుంది. పుట్టడం గిట్టడం అనేటప్పటి గిట్టు, అంటే చనిపోవడం, దీనితో కలిపి చూడకూడదు. అర్థం వేరు.

నేను:
మాస్టారూ, నమస్కారం. ‘సరిపడు’ అన్నారే, అదే నాకు కావలసింది. సరిపడడానికి పక్కన ఇంకోటి ఉండాలి.

ఒంగోలు నుంచి ఒకరు, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానన్నారు:
మేడమ్, చిన్న అభ్యంతరం. అవకాశ వ్యయం అంటే ఒక మొత్తం. మీ ఉదాహరణలో 30,000. గిట్టుబాటు ఆ మొత్తం పేరు కాదు కదా? రెండూ పోల్చి చూశాక చెప్పే తీర్పు. తీర్పునూ ఖర్చునూ ఒకటి చేయకూడదు. ఆ మొత్తానికి వేరే మాట కావాలి. ‘వదులుబాటు’ అంటే ఎట్టా ఉంటుంది?

నేను:
మీరు చెప్పిన తేడా సరైనదే, అందరూ గమనించాల్సిందే. ఖర్చు ఒకటి, దాన్ని తూచి చెప్పే మాట ఇంకొకటి. పరీక్షలో అవకాశ వ్యయం అనే రాయండి, అది స్థిరపడిన మాట. వదులుబాటు వింటే నాకు వదులుగా ఉండడం గుర్తొస్తోంది, వెసులుబాటు పక్కనే ఉంది కాబట్టి. మన ఊళ్లలో ఆ మొత్తానికి పేరు పెట్టరు, వాక్యంగా చెప్తారు: ‘కౌలుకిచ్చుంటే ముప్పై వచ్చేది’. ఆ ‘ఇచ్చుంటే’లోనే ఉంది మీరడిగేదంతా.

కొండపి నుంచి ఒక పొగాకు రైతు:
మేడమ్ గారూ, మా సంగతీ రాయండి. పొగాకు వేసేటప్పుడు మాకు శనగ ఉంది, కంది ఉంది, జామాయిల్ ఉంది. అప్పుడు ఏది గిట్టుద్దో చూసుకుంటాం. ఆకు బ్యారన్‌లో కాల్చి బేలు కట్టి వేలానికి తెచ్చినాక ఇంక చూసుకునేదేముంది? ధర నచ్చకపోతే బేలు వెనక్కి తీసుకుపోవచ్చు. తీసుకుపోతే మళ్లీ తేవాలి, బాడుగ, పైగా వడ్డీ. అందుకని గిట్టకపోయినా ఇచ్చేస్తాం.

నేను:
అన్నా, మీరు రాసిన చివరి వాక్యమే నేను రేపు తరగతిలో చెప్తాను. ‘గిట్టకపోయినా ఇచ్చేస్తాం’ అన్నారు. వేసేటప్పటి లెక్కలో గిట్టలేదు. వేలం నాటి లెక్కలో, వెనక్కి తీసుకుపోవడం కన్నా ఇచ్చేయడమే మేలు. శనగలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఎదురుచూసిన ప్రకాశం రైతులదీ ఇదే బాధ, నిల్వ అద్దె, అప్పు మీద వడ్డీ నెలనెలా పెరుగుతుంటాయి. జామాయిల్ సంగతి వేరు. ఒకసారి నాటితే పొలం కొన్నేళ్లు దానికే కట్టుబడిపోతుంది. ఈ మధ్యలో మిర్చికి మంచి ధరొచ్చినా చూస్తూ ఉండాల్సిందే.

దర్శి నుంచి ఒకరు:
మరి పేపర్లో గిట్టుబాటు ధర, మద్దతు ధర రెండూ ఒకటే అన్నట్టు రాస్తారే?

నేను:
ఇది చాలా ముఖ్యం. మద్దతు ధర ప్రభుత్వం ప్రకటించేది. 2024-25లో గ్రేడ్ ఏ ధాన్యానికి క్వింటాలుకు 2,320. మన ధాన్యం కొలత పుట్టి, నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి పుట్టికి 19,720. ఈ అంకె అందరికీ ఒకటే. గిట్టుబాటు అందరికీ ఒకటి కాదని పైన చెప్పుకున్నాం. అయితే ఈ ధరను సూచించే వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ లెక్కల్లో మన చర్చకు పనికొచ్చే విషయం ఒకటుంది. వాళ్లు ఖర్చును మెట్లుగా లెక్కిస్తారు. ఏ2 అంటే రైతు జేబులోంచి నిజంగా పెట్టినది: విత్తనాలు, ఎరువులు, కూలి, యంత్రాల బాడుగ, కౌలుకు తీసుకుంటే కౌలు. దానికి ఇంటిల్లిపాదీ చేసిన పనికి విలువ కట్టి కలిపితే ఏ2+ఎఫ్ఎల్. దాని మీద సొంత పొలానికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే సీ2.

సొంత పొలానికి ఎవరూ కౌలు కట్టరు. మరి దాన్ని ఖర్చులో ఎందుకు కలపాలి? బయటికి ఇచ్చి ఉంటే వచ్చేది కాబట్టి. విడవలూరు రైతు గట్టు మీద కూర్చుని చూసుకున్న లెక్క అదే. వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ రైతు కమిషన్ ఉత్పత్తి ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలంది. 2018లో కేంద్రం ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని ప్రకటించినప్పుడు లెక్క ఏ2+ఎఫ్ఎల్ మీద వేసింది. రైతు సంఘాలు సీ2 మీద వేయమంటున్నాయి. తగాదా అంతా సొంత పొలం కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ ఖర్చా కాదా అన్నచోటే ఉంది. ఖర్చేనని నా నమ్మకం. అది కలపని ధరను మద్దతు ధర అనండి, గిట్టుబాటు ధర అని మాత్రం రాయకండి.

బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఇంటర్ చదివే అమ్మాయి:
మేడమ్, పుస్తకంలో ‘కొరత’ అని ఉంది. ఆర్థికవేత్త రాబిన్స్ కొరత నిర్వచనం. సోమశిల జలాశయం నిండి ఉంటే కొరత లేనట్టేనా?

నేను:
మంచి ప్రశ్న అడిగావు తల్లీ. సోమశిల నిండితే 78 టీఎంసీలు. నిండిన ఏడు కూడా కలెక్టరేట్‌లో నీటిపారుదల సలహా మండలి (ఐఏబీ) సమావేశం పెట్టి ఎడగారుకు, అంటే రెండో పంటకు, ఏ కాలువ కింద ఎన్ని ఎకరాలకు నీళ్లో తేల్చాల్సిందే. కండలేరు జలాశయానికి పంపాలి, అక్కణ్నుంచి చెన్నై తాగునీటికి పోవాలి, ఊళ్లకు తాగునీళ్లు ఉంచాలి. అందరూ అడిగినంత ఇచ్చేంత ఎప్పుడూ ఉండదు. 1932లో రాబిన్స్ చెప్పిన కొరత ఇదే: కోరికలు చాలా, సాధనాలు తక్కువ, ఆ సాధనాలు ఒకదానికే కాక వేరేవాటికీ పనికొస్తాయి. ఆ చివరిది వదిలేసి రాయకు, అసలు కీలకం అక్కడే. కరువు వేరు. వాన లేక గింజ లేక మనుషులు అల్లాడిపోవడం కరువు. 1876 నాటి ధాత కరువులో మన నెల్లూరు జిల్లా కూడా అల్లాడింది. కాలువల్లో నీళ్లు తగ్గినప్పటి ఇబ్బంది ఎద్దడి. ఈ మూడూ కలపకుండా రాస్తే నీ జవాబు బాగుంటుంది.

నెల్లూరు చిన్నబజారు నుంచి ఒక వ్యాపారి:
మా అంగట్లో రోజుకు ఎన్నిసార్లు వాడతామో ఈ మాట! ‘ఆ రేటుకి నాకు గిట్టదమ్మా’ అంటే లాభం లేదని కాదు. ఇంకాసేపు ఆగితే ఇంకొకరు ఎక్కువిస్తారని.

నేను:
మీ వాక్యంతో మార్కెట్ పాఠం సగం అయిపోయింది. కొనేవాళ్లకూ పక్క అంగడి ఉంది కదా. వాళ్లకీ గిట్టాలి, మీకూ గిట్టాలి, అప్పుడే బేరం తెగేది. ఎవరి లెక్క వాళ్లది, ఒకరిది ఒకరికి చెప్పరు, అయినా ధర ఒకచోట కుదురుతుంది.

ఒంగోలు నుంచి మళ్లీ ఆ అబ్బాయే:
మేడమ్, మా వయసు వాళ్లం గిట్టుబాటు అనడం లేదు. ‘వర్కవుట్ కాలా’ అంటున్నాం. మాట పోయినట్టేనా?

నేను:
‘నాకు వర్కవుట్ కాలా’ అంటారు, ‘ఎంత వర్కవుట్ అయింది’ అనరు. కొత్త మాట కూడా పాతదాని పద్ధతిలోనే నడుస్తోంది. అయినా గిట్టుబాటును వదలొద్దని నా కోరిక. ఉదయగిరి, కనిగిరి మెట్ట ఊళ్లలో ‘కిట్టదు’ అంటారో ‘గిట్టదు’ అంటారో, పశువుల బేరంలో ఈ మాట ఎట్టా వాడతారో తెలిసినవాళ్లు కింద రాయండి. వాక్యం మొత్తం, ఎవరు ఎవరితో అన్నారో కూడా కలిపి రాస్తే ఇంకా మేలు.