డీబీ స్పెక్ట్రమ్‌కు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కలిపే దారి ఏది?

కాకినాడ_48కె:

నమస్కారం. మా ఇంట్లో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అనే పాత ఇంటి కంప్యూటరు ఉంది. సింక్లెయిర్ వారి స్పెక్ట్రమ్ ప్లస్‌ను డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1986లో లైసెన్సు తీసుకుని మన దేశంలో అమ్మింది కదా, అదే యంత్రం. నాన్నగారు కొన్నారు. ఆయన దాని మీద బేసిక్‌లో రాసిన ఓనమాల ప్రోగ్రామ్ ఒకటి క్యాసెట్టులో ఉండిపోయింది. టేప్ రికార్డరు హెడ్డు శుభ్రం చేసి పెడితే ఈమధ్య లోడయింది. పలక మీద చెయ్యి పట్టుకుని దిద్దించినట్టు ఒక్కో అక్షరాన్ని ఒక్కో మలుపుగా తెర మీద గీస్తుంది. ఌ, ౡ కూడా వదల్లేదు.

ఆ ప్రోగ్రామ్ లిస్టింగు, పూర్తయిన అక్షరాల బొమ్మలు నాకు కాగితం మీద కావాలి. ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌లో) పెట్టి లేజర్ ప్రింటరులో తీయవచ్చని తెలుసు. కానీ నాన్నగారి యంత్రమే వాటిని అచ్చు వేయాలని నా పట్టుదల. ఆయన ఎప్పుడూ అచ్చులో చూసుకోలేదు, అప్పట్లో ప్రింటరు కొనే స్తోమత లేదు.

యంత్రానికి ప్రింటరు సాకెట్టు లేదు. వెనక పొడవాటి బోర్డు అంచు మాత్రం బయటికి కనిపిస్తోంది. ప్రింటరుకు రాత పంపే ఎల్‌ప్రింట్ ఆదేశం ఇస్తే తప్పు సందేశం కూడా రావడం లేదు, బుద్ధిగా "0 ఓకే" అంటోంది. మా దుకాణంలో బిల్లుల కోసం వాడిన ఎప్సన్ ఎల్ఎక్స్-300 ప్లస్ ఉంది, దానికి ప్యారలల్ పోర్టు ఉంది. జెడ్ఎక్స్ ప్రింటరు, ఇంటర్‌ఫేస్ 1, సెంట్రానిక్స్ (ప్యారలల్) ఇంటర్‌ఫేస్ అని మూడు దారులు విన్నాను. వీటిలో దేని మీద డబ్బు పెట్టాలి? సోల్డరింగ్ వచ్చు. మెషిన్ కోడ్ చదివితే అర్థమవుతుంది.

యూనికార్న్_మాస్టారు:

మీ పట్టుదల నాకు నచ్చింది. నేను బడిలో బీబీసీ మైక్రోలతో పాఠాలు చెప్పినవాణ్ణి. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన బడులకు వచ్చిన యంత్రాలవి. వాటికి అడుగు భాగంలోనే 26 పిన్నుల ప్రింటరు పోర్టు ఉండేది, బఫరు చిప్పుతో సహా. ఒక రిబ్బన్ కేబులు తగిలించి, కంట్రోల్-బి నొక్కితే తెర మీద పడే ప్రతి అక్షరమూ కాగితం మీద కూడా పడేది. స్పెక్ట్రమ్‌ను తక్కువ ధరకు ఇవ్వడానికి అలాంటివన్నీ బయటికి నెట్టేశారు. హార్డ్‌వేర్ సంగతి తెలిసినవారు చెబుతారు. నా మాటల్లా ఒక్కటే: బోర్డు వెనక ఏదైనా తగిలించే ముందే ఆ క్యాసెట్టును కంప్యూటర్‌లోకి రికార్డు చేసి, ఆ ఫైలు మళ్లీ లోడవుతోందో లేదో చూసుకోండి.

కోఠి_సోల్డరు:

మాస్టారు చెప్పిన పని ఇవాళే చేయండి. తరవాత ఇది చదవండి.

జెడ్ఎక్స్ ప్రింటరు మీద డబ్బు పెట్టకండి. 1981 నాటి వస్తువు, అప్పటి ధర 49.95 పౌండ్లు. నల్లటి కాగితం మీద అల్యూమినియం పూత ఉంటుంది. బెల్టుకు బిగించిన రెండు సన్నటి ముళ్లు దాని మీద పరుగెడుతూ, నిప్పురవ్వతో పూతను కాల్చి చుక్క పెడతాయి. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. కానీ కాగితం వెడల్పు 4 అంగుళాలు, వరుసకు 32 అక్షరాలు. పైగా ఆ పూత కాగితం దొరకడమే గగనం. దానికి బదులు ఆల్ఫాకామ్ 32 దొరికితే కొంత మేలు. అది 110 మిల్లీమీటర్ల థర్మల్ రోలు తీసుకుంటుంది, ఆదేశాలు అవే. అయితే థర్మల్ అచ్చు వెలిసిపోతుంది. దాచుకోవాలనుకునే కాగితానికి అది పనికిరాదు. రిబ్బను సిరాయే కావాలి.

మీ ఎల్‌ప్రింట్ "ఓకే" అనడంలో వింతేమీ లేదు. ఆ రామ్‌లో ఉన్న ప్రోగ్రామ్ 251వ పోర్టులో ఒక బిట్టు చూసి, జెడ్ఎక్స్ ప్రింటరు లేదని తెలిస్తే మాట్లాడకుండా వెనక్కి వచ్చేస్తుంది. క్షమించాలి, రామ్ కాదు, రోమ్ అని చదువుకోండి.

ఇంటర్‌ఫేస్ 1 మంచి సాధనం. 1983లో వచ్చింది, ఆర్ఎస్-232 సీరియల్ పోర్టు ఇస్తుంది. మీ ఎప్సన్‌కు సీరియల్ సాకెట్టు కూడా ఉంటుంది కాబట్టి పని జరుగుతుంది. ఇందులో "టి", "బి" అని రెండు చానళ్లు. "టి" లిస్టింగు కోసం, బేసిక్ మాటలను విడమరిచి పంపుతుంది. "బి" ఎనిమిది బిట్లనూ ఉన్నదున్నట్టు పంపుతుంది, బొమ్మలకు అదే కావాలి. 9 పిన్నుల సాకెట్టును చూసి పీసీ కేబులు తగిలించకూడదు. దాని అమరిక వేరు, 9వ పిన్ను మీద 9 వోల్టులు వస్తాయి. ఎవరైనా మంచి ధరకు ఇస్తే తీసుకోండి. దాని కోసం విదేశాల నుంచి తెప్పించుకునేంత అవసరం మాత్రం మీకు లేదు.

నేనైతే సెంట్రానిక్స్ బోర్డు చేతితో కట్టమంటాను. ప్రింటరుకు కావలసింది చాలా తక్కువ: ఎనిమిది డేటా తీగలు, "తీసుకో" అని చెప్పే స్ట్రోబ్, "ఆగు" అని చెప్పే బిజీ. దీనికి 8255 అనే ఇన్‌పుట్-అవుట్‌పుట్ చిప్పు సరిపోతుంది. పాత 8255ఎ కాకుండా సీమాస్ రకం 82సీ55 అడగండి. స్పెక్ట్రమ్ లోపలి 7805 రెగ్యులేటరు ఇప్పటికే వేడితో ఉడుకుతుంటుంది, పాత చిప్పు దాని మీద మరో 100 మిల్లీ ఆంపియర్ల దాకా భారం వేయగలదు.

పోర్టు చిరునామా కోసం ఏ7 తీగను వాడండి. ఏ0 యూఎల్ఏ అనే స్పెక్ట్రమ్ సొంత చిప్పుది, ఏ2 జెడ్ఎక్స్ ప్రింటరుది, ఏ3, ఏ4 ఇంటర్‌ఫేస్ 1వి. ఏ7ను, పోర్టుతో పని ఉందని చెప్పే ఐఓఆర్‌క్యూ తీగను 74ఎల్ఎస్32లోని ఒక ఆర్ గేటుకు ఇచ్చి, దాని ఫలితాన్ని 8255 చిప్ సెలెక్టుకు కలపండి. రీడ్, రైట్ తీగలు నేరుగా వెళతాయి. 8255 తాలూకు రెండు చిరునామా పిన్నులకు స్పెక్ట్రమ్ ఏ8, ఏ9 ఇవ్వండి. బేసిక్‌లోని అవుట్ 16 బిట్ల చిరునామా తీసుకుంటుంది కాబట్టి ఏ పోర్టు 127, బి పోర్టు 383, సి పోర్టు 639, కంట్రోలు 895 అవుతాయి. కెంప్‌స్టన్ జాయ్‌స్టిక్కును చదివే 31వ పోర్టులో ఏ7 కూడా సున్నాయే. ఆ రెండూ ఒకేసారి తగిలించవద్దు.

ఏ పోర్టు ఎనిమిది తీగలూ డేటా. బి పోర్టు మొదటి బిట్టుకు బిజీ, మిగతా ఏడింటినీ 10 కిలో ఓమ్‌లతో నేలకు దించండి. సి పోర్టు మొదటి బిట్టు స్ట్రోబ్. 8255 నుంచి తీగలు సరాసరి ప్రింటరులోకి పోకూడదు. ప్రింటరు లోపల పుల్-అప్ రెసిస్టర్లు ఉంటాయి, వాటిని కిందికి లాగే బలం ఈ చిప్పుకు చాలదు. డేటాకు మధ్యలో 74హెచ్‌సీటీ244 పెట్టండి. అందులో ఎనిమిది దారులే ఉన్నాయి, స్ట్రోబ్ తొమ్మిదోది. 74ఎల్ఎస్32లో మూడు గేట్లు ఖాళీగా ఉన్నాయి కదా, ఒకదాని రెండు ఇన్‌పుట్లనూ కలిపేసి స్ట్రోబ్‌ను దాని గుండా పంపండి.

రీసెట్ దగ్గర చాలామంది బోర్లా పడతారు. 8255 రీసెట్ పైకి లేస్తే పనిచేస్తుంది, స్పెక్ట్రమ్‌ది కిందికి దిగితే. మధ్యలో ఒక ట్రాన్సిస్టరు పెట్టి తిప్పేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. స్పెక్ట్రమ్ రీసెట్ తీగను పైకి పట్టుకున్నది 220 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఒక్కటే. ట్రాన్సిస్టరు బేసు దాన్ని కిందికి లాగేస్తే ప్రాసెసరు ఎప్పటికీ రీసెట్‌లోనే ఉండిపోతుంది, యంత్రం చచ్చిపోయిందని భయపడతారు. ఆ తీగను ముట్టుకోకుండా 8255 రీసెట్ పిన్నుకు 5 వోల్టుల నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటరు, నేలకు 10 కిలో ఓమ్‌లు పెట్టండి. స్విచ్ వేసినప్పుడు దానంతట అదే రీసెట్ అవుతుంది.

వెనక అంచుకు 28 జతల కనెక్టరు కావాలి. ఇది కొత్తది దొరక్కపోతే పాత పీసీ మదర్‌బోర్డు నుంచి 8 బిట్ల ఐఎస్ఏ స్లాటు ఊడదీయండి. అందులో 31 జతలు, పిన్నుల ఎడం అదే 2.54 మిల్లీమీటర్లు. కోసుకోవడమే. కోఠి గుజరాతీ గల్లీలో చిప్పులన్నీ దొరుకుతాయి, పాత మదర్‌బోర్డు కోసం తుక్కు దుకాణాల్లో చూడండి. 5వ స్థానంలో పిన్ను పీకి చిన్న ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టడం మాత్రం మరచిపోకండి. ఆ అడ్డు లేక కనెక్టరు ఒక్క పిన్ను పక్కకు జరిగితే 4116 మెమరీ చిప్పులకు కరెంటు ఇచ్చే టీఆర్4 ట్రాన్సిస్టరు పోతుంది, చాలాసార్లు చిప్పులూ పోతాయి. కరెంటు ఉండగా ఏదీ తగిలించవద్దు, ఊడదీయవద్దు. అడాప్టరు మార్చవలసి వస్తే స్పెక్ట్రమ్ ప్లగ్గులో మధ్యది మైనస్ అని గుర్తుంచుకోండి. బజారులో దొరికే వాటిలో ఎక్కువ భాగం మధ్య ప్లస్.

పరీక్ష బేసిక్‌లోనే చేయవచ్చు. 895కు 130 పంపితే ఏ, సి బయటికి, బి లోపలికి అమరుతాయి. ఆ క్షణంలో అన్ని అవుట్‌పుట్లూ సున్నా అయిపోతాయి, అంటే స్ట్రోబ్ కూడా దిగిపోతుంది. అందుకే వెంటనే 895కు 1 పంపండి. ఆపైన ప్రతి అక్షరానికీ ఇదే వరుస: 383 చదివితే సున్నా వచ్చేదాకా ఆగడం, 127కు అక్షరం కోడు, 895కు 0, మళ్లీ 895కు 1. చివర 13, 10 పంపితే కాగితం కదులుతుంది.

అది నడిచాక డ్రైవరు, అంటే ఎల్‌ప్రింట్ అక్షరాలను బోర్డుకు చేర్చే కోడు. క్లియర్ 64999 ఇచ్చి, కోడును 65000 దగ్గర పెట్టండి. 65368 నుంచి మీరు గీసుకునే అక్షరాల చోటు మొదలవుతుంది, అక్కడిదాకా 368 బైట్లు మీవే. తరవాత 23631, 23632లలో ఉన్న చిరునామాకు 15 కలిపి, ఆ చోట 232, పక్కన 253 పోక్ చేస్తే ఎల్‌ప్రింట్, ఎల్‌లిస్ట్ మీ కోడు దగ్గరికి వస్తాయి. 23749 అని నేరుగా రాసిన పుస్తకాలను నమ్మకండి, ఇంటర్‌ఫేస్ 1 తగిలిస్తే ఆ చోటు 58 బైట్లు జరిగిపోతుంది. డ్రైవరు చేయవలసిన పనులు: కోడు 165 లేదా అంతకు మించి ఉంటే అది బేసిక్ మాట, 165 తీసేసి రోమ్‌లో 3088ని పిలిస్తే అదే అక్షరాలుగా విడగొట్టి మళ్లీ మీకే పంపుతుంది. 13 వస్తే వెనకే 10 కూడా పంపాలి. 32 కన్నా తక్కువ ఉన్న మిగతావన్నీ వదిలేయండి.

కాకినాడ_48కె:

కట్టాను! లిస్టింగు మొత్తం వచ్చింది, అంచుల్లో రంధ్రాలున్న కాగితం మీద. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని వరుసవరుసగా చదివారు, 640వ వరుసలో ఒక ప్లస్ గుర్తు ఎందుకు పెట్టారో ఇప్పుడు నాకు వివరించారు కూడా.

రెండు సందేహాలు మిగిలాయి. తెరను అచ్చు వేసే కాపీ ఆదేశం ఏమీ చేయడం లేదు. బొమ్మలను ఎస్కేప్-కె ఆదేశంతో నేనే పంపితే అక్షరాలు అడ్డంగా సాగిపోయి వస్తున్నాయి. 'ఠ' కోడిగుడ్డులా ఉంది. ఇంకోటి, లిస్టింగులో నాన్నగారు సొంతంగా గీసిన గుర్తులున్న చోట్ల ఏవో పిచ్చి అక్షరాలు పడుతున్నాయి.

కోఠి_సోల్డరు:

చాలా సంతోషం. ఆ లిస్టింగుకు ఇంకో ప్రతి తీసి దాచండి.

కాపీ ఎప్పుడూ జెడ్ఎక్స్ ప్రింటరుకే పోతుంది, చానల్ మార్చినా దానికి పట్టదు. ఇంటర్‌ఫేస్ 1 కొన్నా ఇదే గతి. బొమ్మలకు మీ సొంత రొటీన్ ఉండాలి, అది డ్రైవరులోని వడపోతను దాటి నేరుగా బైట్లు పంపాలి.

అక్షరాలు సాగడానికి కారణం ఎస్కేప్-కె అడ్డంగా అంగుళానికి 60 చుక్కలు పెట్టడం. ప్రింటరు సూదుల నిలువు ఎడం అంగుళానికి 72. దానికి బదులు ఎస్కేప్, నక్షత్రం గుర్తు, ఆపైన 5 పంపండి. అడ్డంగా కూడా 72 అవుతుంది, మీ 'ఠ' గుండ్రంగా వస్తుంది. దాని వెంట 0, 1 పంపితే 256 చుక్కలని అర్థం. తెర వెడల్పు సరిగ్గా అంతే. వరుసల మధ్య తెల్లగీత రాకుండా మొదట్లోనే ఎస్కేప్-ఏ, 8 ఇవ్వండి.

స్పెక్ట్రమ్ బైటు అడ్డంగా ఎనిమిది చుక్కలు, ప్రింటరుకు కావలసింది నిలువుగా ఎనిమిది. ప్రతి గడినీ తిప్పాలి. ఒక గడిలోని ఎనిమిది బైట్లు మెమరీలో 256 చొప్పున దూరంగా ఉంటాయి. వరుసల చిరునామా మాత్రం తిన్నగా పోదు, తెర మూడు భాగాలు: 16384కు, వరుస సంఖ్యను 8తో భాగించిన పూర్ణాంకం 2048 రెట్లు, శేషం 32 రెట్లు, గడి సంఖ్య కలపండి. ఈ పని బేసిక్‌లో చేస్తే ఒక బొమ్మకే చాలాసేపు పడుతుంది. ఒకసారి సరిచూసుకోవడానికి అది చాలు, తరవాత మెషిన్ కోడ్‌లోకి మార్చండి.

పిచ్చి అక్షరాలు నాన్నగారి గుర్తుల కోడ్లే, 144 నుంచి 164 దాకా. ప్రింటరు వాటిని తన పట్టికలోంచి తీసి వేస్తోంది. డ్రైవరులో ఈ 21 కోడ్లను ముందే పట్టుకోండి. 23675లో ఉన్న చిరునామాకు, కోడులోంచి 144 తీసేసిన సంఖ్యకు ఎనిమిది రెట్లు కలిపితే ఆ గుర్తు బైట్లు దొరుకుతాయి. వాటిని అలాగే తిప్పి ఎనిమిది చుక్కల బొమ్మగా పంపాలి. ఇక్కడ మాత్రం 5 కాకుండా 4 వాడండి. అది అంగుళానికి 80 చుక్కలు, ఎనిమిది చుక్కలంటే సరిగ్గా అంగుళంలో పదో వంతు. మామూలు అక్షరం వెడల్పూ అంతే కాబట్టి లిస్టింగులో వరుస తప్పదు.