24,000 టీఈయూ ఓడలో ఒక రీఫర్ స్లాట్ ఖర్చును ఎలా లెక్కించాలి?

విశాఖపట్నం నుంచి రాటర్‌డామ్‌కు మైనస్ 18 డిగ్రీల వద్ద రొయ్యలు పంపే 40 అడుగుల రీఫర్ (శీతల) కంటైనర్‌కు స్లాట్ ఖర్చు, అంటే ఓడలో అది పట్టే చోటుకు అసలు ఓడ ఖర్చు ఎంత పడుతుందో తేల్చుకోవాలని ప్రయత్నిస్తున్నాను. సరుకు ఫీడర్ ఓడలో (పెద్ద రేవుకు సరుకు చేర్చే చిన్న ఓడ) కొలంబో చేరి, అక్కడ ఆరు నుంచి తొమ్మిది రోజులు ప్లగ్ ఛార్జీలు (కంటైనర్‌ను చల్లగా ఉంచే కరెంటుకు రుసుము) పడుతుండగా ఆగి, ఆ తర్వాత పెద్ద ఓడ ఎక్కుతుంది.

ఇంధనం, సిబ్బంది, ఓడ అద్దె కలిపి టీఈయూ (ఒక 20 అడుగుల కంటైనర్ పట్టే చోటు) సామర్థ్యంతో భాగించి చూశాను. 8,000 టీఈయూ ఓడ కంటే 24,000 టీఈయూ ఓడలో కంటైనర్‌కు పడే ఖర్చు బాగా తగ్గుతోంది. ఓడ మూడింతలైనా ఇంధనం, సిబ్బంది మూడింతలు కారు కాబట్టి అది సహజమే. అయితే కొలంబోలో దింపి మళ్లీ ఎక్కించే ఖర్చు, ఆగిన రోజుల ఖర్చు కలిపితే ఆ ఆదాలో ఎంత మిగులుతుందో తేలడం లేదు. రవాణా ఏర్పాట్లు చూసే ఫార్వర్డర్‌ను విడివిడి లెక్క అడిగితే ఏకమొత్తం ధర మాత్రమే ఇచ్చారు.

నా అనుమానమంతా ఆ భాగహారం మీదనే. టీఈయూ అంకె చోటును మాత్రమే చెబుతుంది. టీఈయూకు 14 టన్నుల చొప్పున నింపితే ఓడ మోయగలిగే సంఖ్య అంతకంటే తక్కువ, రీఫర్ ప్లగ్‌లు (ఓడలో శీతల కంటైనర్లకు కరెంటు ఇచ్చే పాయింట్లు) ఇంకా తక్కువ. మా కంటైనర్ మొత్తం బరువు 25 టన్నులు దాటుతుంది.

ఇటువంటి బరువైన రీఫర్‌కు స్లాట్ ఖర్చు కట్టేటప్పుడు ప్రయాణ ఖర్చును టీఈయూ సామర్థ్యం, 14 టన్నుల సామర్థ్యం, ప్లగ్‌ల సంఖ్యలలో దేనితో భాగించాలి?