ఎల్డెన్ రింగ్: కత్తినీ మంత్రాన్నీ కలిపి నడిపే పాత్రకు పాయింట్లు ఎలా పంచుకోవాలి?

ప్రశ్న (అడిగినవారు: సగంమాంత్రికుడు)

నమస్కారం. ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌ను నేను ప్రిజనర్ తరగతితో మొదలుపెట్టాను. ఎస్టాక్ అనే సన్నని కత్తి, ఒక గ్లింట్‌స్టోన్ దండం, మ్యాజిక్ గ్లింట్‌బ్లేడ్ అనే మంత్రం ఆ పాత్రకు మొదటి నుంచే ఉంటాయి కనుక, రెండు విద్యలూ కలిపి ఆడదలచినవారికి అంతకంటే తగిన ఆరంభం లేదనుకున్నాను. రాయా లుకారియా అకాడమీలో రెన్నాలాను ఓడించేవరకు చెప్పుకోదగ్గ ఇబ్బంది రాలేదు. ఆల్టస్ పీఠభూమి మీదికి చేరాక మాత్రం పరిస్థితి తారుమారైంది. ఇప్పుడు లేన్‌డెల్ ద్వారం ముందు కాపలా కాసే డ్రకోనిక్ ట్రీ సెంటినెల్ దగ్గర మూడు రోజులుగా ఆగిపోయి ఉన్నాను.

నా పాత్ర లెవెల్ 60. విగర్ (ప్రాణం) 20, మైండ్ (మంత్రశక్తి నిల్వ) 20, ఎండ్యూరెన్స్ (ఓర్పు) 18, స్ట్రెంత్ (బలం) 20, డెక్స్టెరిటీ (చేతి నేర్పు) 22, ఇంటెలిజెన్స్ (మంత్రాల బలం) 24. ఫెయిత్, ఆర్కేన్ అనే మిగిలిన గుణాలు మొదట ఉన్న 6, 9 దగ్గరే ఉన్నాయి. కుడిచేతిలో ఏ అఫినిటీ (ఆయుధం ఏ గుణంతో బలం పుంజుకోవాలో మార్చే లక్షణం) ఇవ్వని క్లేమోర్ అనే పెద్ద కత్తి +9, ఎడమచేతిలో మొదట ఇచ్చిన దండమే +6 వరకు పెంచి వాడుతున్నాను. కత్తితో కొడితే శత్రువుకు గీత పడినట్టు కూడా ఉండదు, మంత్రం వేస్తే మంత్రశక్తిని నింపే నీలం జాడీలు ఖాళీ అవుతున్నాయి తప్ప వాడి ప్రాణం తరగదు, అతడు రెండు దెబ్బలు వేస్తే నా పని అయిపోతోంది. పాయింట్లను మళ్లీ పంచుకోవడానికి ఇచ్చే లార్వల్ టియర్‌లు మూడు దాచుకున్నాను. ఈ పాత్రను నిలబెట్టే మార్గం ఉన్నదా, లేక కత్తి, మంత్రం ఈ రెండింటిలో ఒకదాన్ని వదిలేయాలా?

సమాధానం (రాసినవారు: చంద్రఖడ్గం)

మీరు ఏదీ వదలనక్కరలేదు, కానీ రెండింటికీ సమానంగా పెట్టాలన్న ఆలోచనను మాత్రం వదలాలి. మీ క్లేమోర్ స్ట్రెంత్, డెక్స్టెరిటీల మీద ఆధారపడి పెరుగుతుంది, మీ దండం ఇంటెలిజెన్స్ మీద పెరుగుతుంది. అంటే రెండు ఆయుధాల కోసం మీరు మూడు గుణాలను పోషిస్తున్నారు, అందువల్ల ఆ మూడింటిలో ఏదీ పనికొచ్చే ఎత్తుకు చేరలేదు. రెంటికీ చెడిన రేవడి అంటే ఇదే. ఈ ఆటలో కత్తి, మంత్రం కలిసి నిలవాలంటే ఆ రెండూ ఒకే చెరువు నీళ్లు తాగాలి, ఆ చెరువు ఇంటెలిజెన్స్. స్ట్రెంత్, డెక్స్టెరిటీలను కత్తి పట్టుకోవడానికి ఎంత కావాలో అంతవరకే ఉంచి, అక్కడితో మరచిపోవాలి.

దానికంటే ముందు విగర్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని చంపుతున్నది అసలు అదే. విగర్ 25 దగ్గర మీ ప్రాణం 800, 40 దగ్గర 1450, 60 దగ్గర 1900. లెక్క చూడండి: 25 నుంచి 40 వరకు ఒక్కో పాయింటుకు సుమారు 43 చొప్పున పెరుగుతుంది, 40 దాటాక అది 22కు పడిపోతుంది. మీరు ఆ లాభసాటి భాగంలోకి ఇంకా అడుగే పెట్టలేదు. దెబ్బ తగలకుండా ఆడితే విగర్ అక్కరలేదని చెప్పేవారు కనిపిస్తూనే ఉంటారు. మంత్రం వేసే క్షణంలో కాలు కదపలేని మనలాంటివారికి ఆ సలహా వర్తించదని నా గట్టి అభిప్రాయం.

రెన్నాలా దగ్గర ఒక లార్వల్ టియర్ ఇచ్చి పునర్జన్మ తీసుకోండి, అంటే పాయింట్లన్నీ మళ్లీ పంచుకోండి. ప్రిజనర్‌గా మొదలైనవారు మొదటి అంకెలకంటే కిందికి దిగలేరు, అంటే స్ట్రెంత్ 11, డెక్స్టెరిటీ 14, ఇంటెలిజెన్స్ 14 ఎలాగూ ఉంటాయి. అదే లెవెల్ 60లో నేను పంచేది ఇలా ఉంటుంది: విగర్ 30, మైండ్ 16, ఎండ్యూరెన్స్ 13, స్ట్రెంత్ 12, డెక్స్టెరిటీ 18, ఇంటెలిజెన్స్ 35. ఈ 12, 18 అనేవి మూన్‌వెయిల్ అనే కటానా అడిగే అంకెలు. దానికి ఇంటెలిజెన్స్ 23 చాలు. లిమ్‌గ్రేవ్, కేలిడ్ అనే ప్రాంతాల సరిహద్దులో గేల్ టన్నెల్ అనే గని ఉంది, దాని చివర ఉండే మాగ్మా వర్మ్‌ను ఓడిస్తే అది మీ సొంతమవుతుంది. దాని నైపుణ్యాన్ని వాడినప్పుడు కత్తి ఒరలోకి వెళ్లి, బయటికి వస్తూనే నీలి కాంతి అలను విసురుతుంది. అంటే కత్తే మంత్రం పని కూడా చేస్తుంది. పైగా అది సోంబర్ అనే రకం రాళ్లతో పెరిగే ఆయుధం. మెట్టుకు ఒక్క రాయి, పది మెట్లతో పూర్తి. మామూలు ఆయుధమైతే 25 మెట్లు ఎక్కాలి, చివరి మెట్టు తప్ప ఒక్కో మెట్టుకు రెండు నుంచి ఆరు రాళ్ల వరకు పెట్టాలి.

దండం మీద ఇక రాళ్లు ఖర్చు పెట్టకండి. కేలిడ్‌లో ఎయోనియా చిత్తడి పక్కన స్ట్రీట్ ఆఫ్ సేజెస్ అనే శిథిలాలలో మీటియరైట్ స్టాఫ్ దొరుకుతుంది. ఇంటెలిజెన్స్ 18 చాలు. దాన్ని పెంచడం సాధ్యం కాదు, కానీ దొరికిన రోజునే దాని స్కేలింగ్ (గుణంతో పాటు బలం పెరిగే తీరు) అన్నింటికంటే పైదైన ఎస్ స్థాయిలో ఉంటుంది. చివరి వరకు అదే సరిపోతుందని అనను. ఇంటెలిజెన్స్ 60 దాటాక రెన్నాలాను ఓడిస్తే దొరికే జ్ఞాపకంతో మార్చుకునే కేరియన్ రీగల్ సెప్టర్ దానికంటే మేలు. మీరున్న చోటుకు మాత్రం మీటియరైట్ స్టాఫే నయం.

సమాధానం (రాసినవారు: మంచుఅంచు)

పై సమాధానంలోని మూలసూత్రాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను, కానీ మూన్‌వెయిల్ దగ్గర నేను విభేదిస్తాను. అది మంచి కత్తే. అయితే దాన్ని పట్టుకున్న చాలామంది నైపుణ్యం మీట ఒక్కటే నొక్కుతూ పోతారు, నీలం జాడీలన్నీ దానికే పోతాయి, ఎడమచేతి దండం అలంకారంగా మిగిలిపోతుంది. కత్తి యుద్ధం కావాలని వచ్చినవారు చివరికి దూరం నుంచి అలలు విసిరేవారిగా మారిపోతారు.

ప్రశ్న అడిగినవారికి క్లేమోర్ అలవాటైన ఆయుధం. దాన్ని పారేయాల్సిన పని లేదు, అఫినిటీ మార్చుకుంటే చాలు. రాయా లుకారియాలోనే గ్లింట్‌స్టోన్ వెట్‌బ్లేడ్ దొరుకుతుంది. అది ఉంటే యాష్ ఆఫ్ వార్ (ఆయుధానికి నైపుణ్యాన్ని ఇచ్చే వస్తువు) పెట్టేటప్పుడు ఆయుధానికి మ్యాజిక్ లేదా కోల్డ్ అఫినిటీ ఇవ్వవచ్చు. ఈ రెండింటిలోనూ ఇంటెలిజెన్స్ స్కేలింగ్ వస్తుంది. నేను కోల్డ్‌నే ఎంచుకుంటాను. దెబ్బలు పడుతున్నకొద్దీ శత్రువులో మంచుకాటు పోగై, ఒక్కసారిగా పగిలినప్పుడు ప్రాణంలో కొంత భాగం పోతుంది. ఆ తరువాత అర నిమిషం పాటు ఆ శత్రువుకు తగిలే ప్రతి దెబ్బా 20 శాతం ఎక్కువ బలంతో తగులుతుంది, అది కత్తి దెబ్బైనా సరే, మంత్రమైనా సరే. కత్తితో మంచుకాటు తెప్పించి, రెండడుగులు వెనక్కి వేసి మంత్రం వదలడం ఈ ఆటలో నిజమైన కలయిక అని నా ఉద్దేశం. మంచుకాటు ఎప్పుడు పగులుతుందో నాలుగైదు పోరాటాల తరువాత చేతికే తెలిసిపోతుంది.

అంకెలలో కూడా నష్టం లేదు. క్లేమోర్‌కు స్ట్రెంత్ 16, డెక్స్టెరిటీ 13 కావాలి. మీకు డెక్స్టెరిటీ 14 పుట్టుకతోనే ఉంది. స్ట్రెంత్ 16, డెక్స్టెరిటీ 14 కలిపితే ముప్ఫై, మూన్‌వెయిల్ అడిగే 12, 18 కలిపినా ముప్ఫై. కనుక ఇంటెలిజెన్స్ ఇక్కడ కూడా 35 దగ్గరే నిలుస్తుంది. ఇందులో మరో సౌకర్యం ఉంది. రాన్నీ అనే పాత్ర కథను చివరిదాకా నడిపినవారికి దొరికే డార్క్ మూన్ గ్రేట్‌స్వోర్డ్‌కు స్ట్రెంత్ 16, డెక్స్టెరిటీ 11, ఇంటెలిజెన్స్ 38 కావాలి. అంటే నేను చెప్పిన పంపకంతో మీరు దానికి కేవలం మూడు లెవెళ్ల దూరంలో ఉంటారు. ఆ కథ ముందుకు సాగాలంటే మధ్యలో రడాన్ అనే శత్రువును ఓడించాలన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

ఇంకో జాగ్రత్త. కోల్డ్ లేదా మ్యాజిక్ అఫినిటీ ఇచ్చిన కత్తి మీద స్కాలర్స్ ఆర్మమెంట్ వంటి పూత మంత్రాలు పనిచేయవు. మూన్‌వెయిల్ మీద కూడా అంతే.

ప్రశ్న అడిగినవారు: సగంమాంత్రికుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినదంతా చదివాక నా చేతిలో ఉన్న మూడు గుణాల బరువు నాకే నవ్వు తెప్పించింది. రెండు సందేహాలు మిగిలాయి. కేరియా మ్యానర్‌లో నాకు స్వోర్డ్ ఆఫ్ నైట్ అండ్ ఫ్లేమ్ దొరికింది. కత్తి, మంత్రం రెండూ ఒకే ఆయుధంలో ఉన్నట్టు కనిపిస్తోంది కదా, దాన్నే వాడకూడదా? రెండవది, నేను మంత్రం ఎత్తుకోగానే శత్రువు పక్కకు దూకేస్తున్నాడు. అసలు ఏ మంత్రాలు పెట్టుకోవాలి?

సమాధానం (రాసినవారు: చంద్రఖడ్గం)

ఆ కత్తి అడిగే అంకెలు చూడండి: స్ట్రెంత్ 12, డెక్స్టెరిటీ 12, ఇంటెలిజెన్స్ 24, ఫెయిత్ 24. మీ ఫెయిత్ 6. అక్కడికి ఎక్కడానికే 18 లెవెళ్లు పోతాయి, అవి విగర్ నుంచే తీయాలి. మీరు ఇప్పుడే ఏ గుంతలో నుంచి బయటపడుతున్నారో, అందులోకే మళ్లీ దిగడం అవుతుంది. లెవెల్ 120 దాటిన పాత్రతో సరదాగా ఆడుకోవడానికి దాచిపెట్టండి.

మంచుఅంచు గారి క్లేమోర్ లెక్క నాకు తట్టలేదు. ఆ మూడు లెవెళ్ల మాట నిజంగా బాగుంది. ఇప్పటికే +9 దాకా పెంచిన కత్తి ఉన్నప్పుడు మీరు ఆయన చెప్పినట్టే చేయండి.

సమాధానం (రాసినవారు: రెండోచేయి)

మంత్రాల ప్రశ్నకు నేను సమాధానం చెప్తాను, ఎందుకంటే నేనూ అక్కడే చాలాకాలం దెబ్బలు తిన్నాను.

శత్రువు పక్కకు దూకడం మీ పొరపాటు కాదు. మీరు మంత్రం మొదలుపెట్టిన క్షణానికే అతడు స్పందించి తప్పుకుంటాడు. అందుకే తిన్నగా ఎగిరిపోయే గ్లింట్‌స్టోన్ పెబల్‌ను ఎదురుగా నిలబడి వేస్తే సగం వృథా. అతడు తన దెబ్బ వేస్తున్నప్పుడో, దెబ్బ వేసి కత్తి వెనక్కి తీసుకుంటున్నప్పుడో వేయండి, అప్పుడు తప్పుకోలేడు. ఇంతకంటే మంచి ఉపాయం మీ దగ్గర మొదటి నుంచీ ఉంది. మ్యాజిక్ గ్లింట్‌బ్లేడ్ వేశాక ఆ నీలి బాకు కాసేపు గాలిలోనే నిలిచి, ఆ తరువాత దూసుకెళుతుంది. మీరు దాన్ని వేసి ముందుకు పరుగెత్తితే శత్రువు మీ కత్తిని చూసుకునే సమయానికి బాకు వచ్చి తగులుతుంది. ఇంటెలిజెన్స్ 22తో వాడగలిగే గ్లింట్‌బ్లేడ్ ఫాలంక్స్ కూడా ఈ పద్ధతిదే. తల చుట్టూ బాకులు వలయంగా నిలిచి, శత్రువు దగ్గరికి రాగానే వాటంతటవే వెళతాయి. కత్తి పట్టినవారికి అవి రెండో మనిషి తోడున్నట్టు ఉంటాయి.

దగ్గరి పోరులో కేరియన్ స్లైసర్ పెట్టుకోండి. ఖర్చు చాలా తక్కువ, వేగం ఎక్కువ, ఎడమచేతి నుంచి మంత్రపు కత్తి బయటికి వస్తుంది. మూడవది రాక్ స్లింగ్. మీటియరైట్ స్టాఫ్ దొరికే శిథిలాలలోనే, నేలమాళిగలోని పెట్టెలో ఉంటుంది. ఆ దండం గురుత్వాకర్షణ మంత్రాలకు అదనపు బలమిస్తుంది, రాక్ స్లింగ్ ఆ కోవకు చెందినదే. దీనికి ఇంకొక విశేషం ఉంది: అది మంత్రమే అయినా తగిలే దెబ్బ మాత్రం భౌతికమైనది, కనుక మంత్రాన్ని తట్టుకునే శత్రువుల మీద మీకున్న ఏకైక దూరపు ఆయుధం అదే. ఈ మూడు రకాలు చాలు. నేను ఒకప్పుడు ఎనిమిది మంత్రాలు నింపుకుని, సరైన దాని కోసం మీట నొక్కుకుంటూ వెతుకుతుండగా చచ్చిపోయేవాడిని.

చేతుల విషయంలో ఒక చిక్కు ఎవరూ ప్రస్తావించలేదు. కత్తిని రెండు చేతులతో పట్టుకుంటే స్ట్రెంత్ ఒకటిన్నర రెట్లుగా లెక్కకు వస్తుంది, అందువల్ల 11 ఉన్నవారు కూడా 16 అడిగే కత్తిని ఎత్తగలరు. అయిదు పాయింట్లు మిగిలాయి కదా అని సంబరపడవద్దు. ఆ క్షణంలో దండం వీపు మీదికి వెళ్లిపోతుంది, మంత్రం వేయడానికి మళ్లీ పట్టు మార్చాలి. మన పాత్ర కూర్పంతా ఆ రెండు చేతులు ఒకేసారి పనిచేయడం మీదే నిలబడింది కాబట్టి, స్ట్రెంత్‌ను నిజంగా 16 చేయడమే ఉత్తమం. డాలు ఎలాగూ ఉండదు, తప్పుకోవడమే రక్షణ. కనుక మోసే బరువు 70 శాతం లోపు ఉండేలా కవచం ఎంచుకోండి. మంత్రం వేసే వేగం తక్కువగా ఉన్నదనిపిస్తే అకాడమీలోనే దొరికే రడగాన్ ఐకాన్ అనే తాయెత్తు ధరించండి. డెక్స్టెరిటీ కూడా ఆ వేగాన్ని పెంచుతుంది, కానీ దానికోసం పాయింట్లు పోయనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు: సగంమాంత్రికుడు

నిన్న రాత్రి పునర్జన్మ తీసుకుని విగర్ 30, స్ట్రెంత్ 16, డెక్స్టెరిటీ 14, ఇంటెలిజెన్స్ 35 పెట్టాను. క్లేమోర్‌కు కోల్డ్ ఇచ్చాను, కేలిడ్‌కు వెళ్లి దండం, రాక్ స్లింగ్ తెచ్చుకున్నాను. నీలం జాడీలను అయిదు నుంచి మూడుకు తగ్గించి, ఆ రెండింటినీ ప్రాణం నింపే ఎరుపు జాడీల వైపు మార్చాను. సెంటినెల్ నాలుగో ప్రయత్నంలో పడిపోయాడు. సగం ప్రాణం పోయాక అతడు మెరుపులు కురిపించడం మొదలుపెట్టిన వెంటనే మంచుకాటు పగిలింది, వరుసగా మూడు రాక్ స్లింగ్‌లు వేయగలిగాను. గుర్రం దిగి కొట్టాలా, ఎక్కి కొట్టాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు, ఎందుకంటే ఈ విజయం సగం అలా, సగం ఇలా వచ్చింది.

సమాధానం (రాసినవారు: మంచుఅంచు)

గుర్రం మీద ఉన్నప్పుడు కూడా మంత్రాలు వేయవచ్చు కాబట్టి రెండూ సరైనవే. ఇక రడాన్ దగ్గరికి బయలుదేరండి, ఇంటెలిజెన్స్ 38 అయ్యేసరికి కత్తి చేతికి వస్తుంది.