వెయిటింగ్ లిస్టులో తమ్ముడి పేరు: ఈ రోజులు ఎలా దాటాలి?

తిరుచానూరు అక్క:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. హైదరాబాదులోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదవాలని హైస్కూలు రోజుల నుంచీ వాడి కోరిక. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాశాడు. మొదటి జాబితాలో పేరు లేదు, వెయిటింగ్ లిస్టులో 17వ నంబరు వచ్చింది. అప్పటి నుంచి ఫోను కింద పెట్టడం లేదు. ఇంకా తెల్లవారకముందే లేచి ఆ వెబ్‌సైట్ తెరిచి చూస్తున్నాడు. కాఫీ తాగుతూ నాన్న "కదిలిందా?" అని అడుగుతారు, వీడు తల దించుకుని లోపలికి వెళ్లిపోతాడు. పరామర్శకు వచ్చిన బంధువులు కూడా ముందు సీటు సంగతే అడుగుతున్నారు.

తిరుపతిలోనే డిగ్రీలో చేరి ఉండమని చెప్పాను. "చేరితే ఇక అదే ఖాయమవుతుంది" అంటాడు. నాకు భయంగా ఉంది. ఇలాంటి రోజులు దాటిన వాళ్లు ఏం చేశారో చెప్పండి.

పాత గుమాస్తా:
అమ్మా, నేను తిరుపతిలో ఒక కళాశాల అడ్మిషన్ల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ముందు ఆ 17 ఏ జాబితాలోదో చూడండి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో జనరల్, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్సీ, ఎస్టీ జాబితాలు విడివిడిగా నడుస్తాయి. ఓబీసీ జాబితాలో 17 వేరు, జనరల్‌లో 17 వేరు. ఆ వర్గానికి ఎన్ని సీట్లున్నాయో చూడకుండా ఉత్త నంబరును చూసి బెంగపెట్టుకోకూడదు.

ఇక ఆ జాబితా ఎందుకు కదులుతుందో పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పండి. మంచి మార్కులు వచ్చిన ఒకే విద్యార్థి పేరు నాలుగైదు చోట్ల ఉంటుంది. మీ తమ్ముడు కోరిన ఎమ్మెస్సీ, ఐఐటీ-ఎన్ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్ జోసాలో ఎన్ఐటీ, ఈఏపీసెట్‌లో ఇంజినీరింగ్, ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థలు) పరీక్షలో ఇంకో సీటు. వాటిలో ఒక దానికి అతను వెళ్లగానే మిగతా చోట్ల ఖాళీ పడుతుంది. కాబట్టి ఆ వెబ్‌సైట్ గంటగంటకూ మారేది కాదు. జోసా రౌండ్ ఫలితం వచ్చినప్పుడు, ఫీజు కట్టే గడువు ముగిసినప్పుడు, రాష్ట్ర కౌన్సెలింగ్‌లో సీట్లు కేటాయించినప్పుడు కదులుతుంది. ఆ తేదీలను కాగితం మీద రాసి గోడకు అంటించమనండి. మధ్య రోజుల్లో చూసినా కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు.

ఇంకొక మాట. మీరు బీసీలైతే, రాష్ట్రంలో వాడే బీసీ కుల ధ్రువపత్రం అక్కడ సరిపోదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందరని చెప్పే) పత్రం కావాలి, అదీ సాధారణంగా ఈ ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్ పత్రానికీ ఆర్థిక సంవత్సరం చూస్తారు. వెయిటింగ్ లిస్టులో పేరు పిలిచాక సచివాలయానికి పరుగెత్తి, తహసీల్దారు సంతకం కోసం ఎదురుచూస్తూ సీటు పోగొట్టుకున్న పిల్లలను నా కౌంటర్ ముందే చూశాను. ఈ పని రేపే మొదలుపెట్టండి.

పుత్తూరు బైపీసీ:
అక్కా, నేను మీ తమ్ముడి స్థానంలో ఉన్నదాన్ని. నాకు పశువైద్యం చదవాలని ఉండేది. మా బైపీసీ వాళ్లకు నిరీక్షణ ఇంకా ఎక్కువ కాలం సాగుతుంది. నీట్ ర్యాంకు ఉన్నవాళ్లు ఎంబీబీఎస్, బీడీఎస్ కౌన్సెలింగ్ ముగిసేదాకా వ్యవసాయం, వెటర్నరీ సీట్లను వదలరు. అక్కడ ఒక్కో రౌండ్ అయినప్పుడల్లా ఇక్కడ కొన్ని సీట్లు ఖాళీ అవుతాయి. దానికి తోడు రాష్ట్ర కళాశాలల సీట్లకు మనం ఎస్వీయూ లోకల్, అంటే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలోని స్థానికులం. 85 శాతం సీట్లు పాత రాయలసీమ నాలుగు జిల్లాలకూ నెల్లూరుకూ కలిపి ఉంటాయి, కాబట్టి ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో చివరి ర్యాంకు ఎంతో చూసి ఆశ పెట్టుకోవడం, దిగులు పడటం రెండూ దండగే.

నాకు సీటు రాలేదు. చివరిదాకా చూశాను, రాలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, అందరూ "తప్పకుండా వస్తుంది" అని ధైర్యం చెబుతారు. ఆ మాట విన్నప్పుడల్లా రాకపోతే వీళ్ల ముఖం ఎలా చూడాలి అనిపించేది. దయచేసి మీ తమ్ముడితో ఆ మాట అనకండి. "వచ్చినా రాకపోయినా మనం దారి చూసుకుందాం" అని మా అమ్మ ఒక్కసారే అంది, మళ్లీ ఎత్తలేదు. అది చాలా పనిచేసింది.

ఆ లోపు తిరుపతిలో బీఎస్సీలో చేరాను. మొదటి వారమంతా చివరి బెంచీలో ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. తర్వాత ప్రాక్టికల్స్‌లో ఉల్లిపొరను గాజుపలక మీద పరిచి, ఒక చుక్క రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూడమన్నారు. ఇటుకలు పేర్చినట్టు కణాలు, ఒక్కొక్క దాంట్లో ముదురు చుక్క. అప్పటిదాకా పుస్తకంలో బొమ్మగా బట్టీ పట్టినదే. మా మేడమ్ వచ్చి పక్కకు జరగమనేదాకా చూస్తూనే ఉన్నాను. ఆ పూట జాబితా సంగతి నిజంగా గుర్తు రాలేదు. ఇంట్లో కూర్చుని ఉంటే అలాంటి పూట ఒక్కటి కూడా దొరికేది కాదు. డిగ్రీలో చేరినంత మాత్రాన వెయిటింగ్ లిస్టులో పేరు పోదని వాడికి నేను చెప్పానని చెప్పండి.

కొర్లగుంట:
ఒక హెచ్చరిక. జాబితా వచ్చిన కొద్ది రోజులకే మా ఇంటికి ఫోన్ వచ్చింది. అమ్మాయి పేరు, మార్కులు, నంబరు అన్నీ చెప్పి, "ముప్పై వేలు అడ్వాన్స్ ఇస్తే పైకి జరుపుతాం" అన్నాడు. వివరాలు సరిగ్గా చెప్పేసరికి మా ఆయన సగం నమ్మారు. కాదని నేను పట్టుబట్టి ఆపాను. జాబితా మెరిట్ ప్రకారం ఒకసారి వేశాక నంబరును జరిపే మనిషి ఎవరూ ఉండరు. డబ్బు అడిగితే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

పలమనేరు తోట:
నాకు తెలిసింది డబ్బు సంగతి, అదే చెబుతాను. మాది తోతాపురి తోట. కాయ జూన్, జూలైలో పల్ప్ ఫ్యాక్టరీకి పోతుంది, డబ్బు చేతికి రావడానికి ఇంకా సమయం పడుతుంది. సీట్లు కదిలేదీ దాదాపు ఆ రోజుల్లోనే. మా అమ్మాయికి వెయిటింగ్ లిస్టు నుంచి కబురు శుక్రవారం సాయంత్రం వచ్చింది. సోమవారం లోపు ఫీజు కట్టాలి, లేకపోతే తర్వాతి నంబరుకు పోతుంది. కాయ ఫ్యాక్టరీలో ఉంది, డబ్బు రాలేదు, బ్యాంకులు మూత. మా బావమరిది సర్దాడు కాబట్టి గట్టెక్కాం.

అందుకని చెప్పేదేమిటంటే, మొదటి విడత ఫీజు ఎంతో ఇప్పుడే కనుక్కుని ఆ మొత్తాన్ని ఎవరి ఖాతాలోనైనా విడిగా ఉంచండి. ఆ ఖాతాకు నెట్ బ్యాంకింగ్ పనిచేస్తోందా, రోజుకు ఎంత పంపవచ్చు అనేది ముందే సరిచూసుకోండి. కొత్త ఖాతాను జతచేస్తే కొన్ని బ్యాంకుల్లో మొదటి రోజు పెద్ద మొత్తం వెళ్లదు. దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిల్ ఎవరివో కూడా చూడండి. మా ఊళ్లో సగం మంది పిల్లల దరఖాస్తుల్లో ఉన్నది ఇంటర్నెట్ సెంటర్ అతని ఈమెయిలే.

శ్రీకాళహస్తి అమ్మ:
మా అబ్బాయికి వెయిటింగ్ లిస్టులోనే సీటు వచ్చింది, తీరా వెళ్తే హాస్టల్ నిండిపోయింది. హాస్టల్‌కు వేరే జాబితా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. రెండు నెలలు బయట గది తీసుకుని ఉన్నాడు. సీటు గురించి ఫోన్ చేసినప్పుడే హాస్టల్ దరఖాస్తు గురించి కూడా అడగండి. మానేసిన పాఠాల కోసం పిల్లవాడు భయపడనక్కరలేదు, ఆలస్యంగా చేరేవాళ్లు ఇంకా ఉంటారు, సీనియర్లు నోట్సు ఇస్తారు.

తిరుచానూరు అక్క:
మీ అందరికీ ఎంతగా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. పుత్తూరు చెల్లెలు రాసినది తమ్ముడికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపటి తర్వాత తనే ఫోను అడిగి తీసుకుని మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాడు. వాడి నంబరు ఓబీసీ జాబితాలోది. కేంద్ర నమూనా పత్రం మా దగ్గర ఉన్నది నిరుటిది, కొత్తదానికి సచివాలయంలో దరఖాస్తు పెట్టాం.

గుమాస్తా గారూ, ఒక సందేహం. ఇక్కడ డిగ్రీలో చేరి ఫీజు కట్టి, టీసీ ఇచ్చేశాక అక్కడ సీటు వస్తే? డబ్బు, ఒరిజినల్స్ తిరిగి ఇస్తారా? నాన్న భయం అదే.

పాత గుమాస్తా:
మంచి ప్రశ్న అమ్మా. దీనిపై 2018లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నోటిఫికేషన్ ఇచ్చింది. చేరికలకు ప్రకటించిన చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందు సీటు వదులుకుంటే ఫీజు మొత్తం ఇవ్వాలి. ప్రాసెసింగ్ ఖర్చు కింద అయిదు శాతం దాకా, అదీ 5,000 రూపాయలకు మించకుండా పట్టుకోవచ్చు. ఆ తర్వాత చివరి తేదీ లోపు అయితే 90 శాతం. చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, 16 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం. నెల దాటితే ఏమీ రాదు. కొన్ని సంవత్సరాల్లో యూజీసీ ఇంతకంటే ఉదారంగా గడువు ఇచ్చింది, కాబట్టి ఈ ఏడాది ప్రకటన కూడా చూడండి. ఇంజినీరింగ్ కన్వీనర్ సీట్లకు నిబంధనలు వేరు, వాటిని దీనితో కలపవద్దు.

మార్కుల జాబితాలు, ఇతర ఒరిజినల్స్ సరిచూసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలని అదే నోటిఫికేషన్ చెబుతుంది. "మా దగ్గరే ఉంచండి" అంటే మర్యాదగా ఆ నోటిఫికేషన్ ప్రతి చూపించండి. చేరే ముందే అన్నింటికీ అయిదారు జిరాక్సులు, ఫోనులో స్కాన్లు ఉంచుకోండి. టీసీ కోసం అడ్మిషన్ రద్దు చేయమని లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. అది చేతికి వచ్చేలోగా హామీపత్రం తీసుకుని గడువు ఇచ్చే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి.

అక్కడ సీటు వస్తే ఇక్కడి సీటును ఆ రోజే రద్దు చేయండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. చేరని పిల్లల పేర్లు నెలల తరబడి రిజిస్టర్లో అలాగే ఉండేవి, బయట వరండాలో ఇంకొక పిల్లవాడు తండ్రితో కూర్చుని ఉండేవాడు. మీ తమ్ముడు ఇప్పుడు ఎవరి నిర్ణయం కోసం చూస్తున్నాడో, ఇంకొకరు మీ తమ్ముడి నిర్ణయం కోసం అలాగే చూస్తుంటారు.

పీలేరు 3:
నేను 3వ నంబరు దగ్గర ఆగిపోయాను. మరుసటి ఏడాది మళ్లీ రాయలేదు, ఇక్కడే బీఎస్సీ పూర్తి చేసి పీజీ ప్రవేశ పరీక్ష రాసి అదే విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేశాను. ఆ దారి కూడా ఉందని తమ్ముడికి చెప్పండి.

ఆసుపత్రి అక్క:
నేను నర్సును. పిల్లవాడు సరిగా తింటున్నాడా, రాత్రి నిద్రపోతున్నాడా అనేది గమనించండి. తనలో తాను మాట్లాడుకోవడం, "నేను ఎందుకూ పనికిరాను" అనడం, ఎవరితోనూ కలవకపోవడం కొనసాగితే ఆలస్యం చేయవద్దు. మానసిక ఆరోగ్య సహాయానికి టెలిమానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది. చనిపోవాలన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఒంటరిగా వదలకండి, వెంటనే తీసుకెళ్లండి.

తిరుచానూరు అక్క:
రాత్రి నిద్ర తక్కువే, కానీ ఇవాళ అమ్మతో కూర్చుని అన్నం తిన్నాడు. నంబరు రాసి పెట్టుకున్నాను. రేపు నాన్నా వాడూ కలిసి డిగ్రీ కాలేజీకి వెళ్తున్నారు, చేరడానికి తనే ఒప్పుకున్నాడు. ఇంకేమైనా గుర్తుపెట్టుకోవాలా?

పాత గుమాస్తా:
మంచి పని చేస్తున్నారు. చివరి తేదీ ఏదో నోటీసు బోర్డు మీద చూసి ఫోనులో ఫొటో తీసుకోమనండి, వాపసు లెక్కంతా ఆ తేదీ నుంచే. ఫీజు రసీదు మీద తేదీ, ముద్ర స్పష్టంగా పడ్డాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి. అక్కడ కబురు వస్తే ఇక్కడ రాయండి, రద్దు దరఖాస్తు ఎలా రాయాలో నేను చెబుతాను.