అప్‌డేట్: కన్వేయర్ తనంతట తాను స్టార్ట్ అయ్యే సమస్య తీరింది

కరెంటు పోయి వచ్చాక స్టార్ట్ బటన్ నొక్కకుండానే కన్వేయర్ బెల్టు తిరుగుతోందని అడిగాను కదా. తప్పు పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపే కంట్రోల్ కంప్యూటర్) ప్రోగ్రామ్‌లోనే దొరికింది. మోటారుకు సెట్ కాయిల్ (ఒకసారి ఆన్ అయితే రీసెట్ చేసేదాకా ఆన్‌లోనే ఉంచే ఆదేశం) వాడాను, దాని ఆన్/ఆఫ్ బిట్ రిటెంటివ్ మెమరీలో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో ఉంది. పీఎల్‌సీ ఆగినా ఆ బిట్ 1గానే, అంటే ఆన్‌గానే మిగిలిపోతోంది.

సెట్, రీసెట్ తీసేసి మామూలు హోల్డింగ్ రంగ్ (rung, ప్రోగ్రామ్‌లో ఒక వరస) రాశాను. స్టార్ట్ నొక్కాక అవుట్‌పుట్ తనను తానే ఆన్‌లో పట్టి ఉంచుకుంటుంది, స్టాప్ నొక్కినా కరెంటు పోయినా ఆగిపోతుంది. మోటారు సప్లై ఆపి తాళం వేసి, స్టాప్ బటన్ ఎన్‌సీ కాంటాక్ట్ (నొక్కనప్పుడు కలిసి ఉండేది) వైరు ఊడదీసి చూశాను. ఇన్‌పుట్ లైటుతో పాటు అవుట్‌పుట్ లైటూ టక్కున ఆరిపోయింది. తర్వాత కరెంటు మూడుసార్లు తీసి వేశాం, మళ్లీ నొక్కితేనే స్టార్ట్ అయింది.

ఎమర్జెన్సీ స్టాప్ ఇన్నాళ్లూ పీఎల్‌సీ ఇన్‌పుట్‌కే ఉండేది. పీఎల్‌సీ మొరాయిస్తే మోటారు ఆగకపోవచ్చు కదా, అది నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇప్పుడు ఆ బటన్ నొక్కితే సేఫ్టీ రిలే (భద్రత కోసం విడిగా పెట్టే స్విచ్చింగ్ పరికరం) పీఎల్‌సీతో పని లేకుండా నేరుగా కాంటాక్టర్ల (మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్‌ల) సప్లై కట్ చేస్తుంది. బెల్టు పక్కన నిలబడే హెల్పర్లను చూస్తే ఇక టెన్షన్ లేదు. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్ అండీ.