గిట్‌లో ఫిల్టర్-బ్రాంచ్‌ను ఇంకా మోయాలా, తీసేయాలా?

పాతకొమ్మ
కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, ఒక రెపో (ప్రాజెక్టు ఫైళ్లు, వాటి చరిత్ర ఉండే చోటు) చరిత్ర మొత్తాన్ని తిరగరాసే కమాండ్ ఫిల్టర్-బ్రాంచ్. గిట్ 2.24 (2019 నవంబరు) నుంచి దాన్ని నడిపితే ముందు ఒక హెచ్చరిక కనిపిస్తుంది. కొన్ని సెకన్లు ఆగి, అదే పని చేసే విడి సాధనం ఫిల్టర్-రెపో లాంటిది వాడమని చెప్పి, అప్పుడు పని మొదలుపెడుతుంది. మాన్యువల్ పేజీలో దాని వేగం గురించి ఒక విభాగం, భద్రత గురించి మరో విభాగం ఉన్నాయి. రెండూ వద్దనే చెబుతాయి. అయినా గిట్ ఇన్‌స్టాల్ చేసిన ప్రతిచోటికీ ఆ కమాండ్ వస్తూనే ఉంది. వాడొద్దని మనమే రాసిన కమాండ్‌కు ఇంకా టెస్టులు నడపడం, ప్యాచ్‌లు చూడడం దేనికి? తీసేయాలనే నా అభిప్రాయం. రీబేస్ (కమిట్‌లను, అంటే దాచిన మార్పులను, వేరేచోట మళ్లీ పేర్చే కమాండ్) జోలికి పోవడం లేదు, రెపో మొత్తం చరిత్రను తిరగరాసే ఈ ఒక్క కమాండ్ గురించే అడుగుతున్నాను.

ట్రీవాకర్
నా ఓటు కూడా తీసేయడానికే. అయితే అందరూ చెప్పే నిదానం నా కారణం కాదు. అది నిదానమే: ప్రతి కమిట్‌కూ అరడజను ప్రాసెస్‌లైనా పుడతాయి, పాత హ్యాష్ (కమిట్ గుర్తింపు సంఖ్య) నుంచి కొత్త హ్యాష్‌కు ఉండే మ్యాప్‌ను కమిట్‌కొక చిన్న ఫైలు చొప్పున డిస్కు మీద పెడుతుంది. ఫైళ్లను మార్చే ట్రీ-ఫిల్టర్ ఆప్షన్ అయితే ప్రతి కమిట్‌నూ తాత్కాలిక డైరెక్టరీలోకి చెకౌట్ (ఫైళ్లుగా బయటికి తీయడం) కూడా చేస్తుంది. విండోస్‌లో ప్రాసెస్ పుట్టించడమే ఖరీదు కాబట్టి అక్కడ ఇంకా నరకం. కానీ నిదానాన్ని ఓపికతో భరించవచ్చు.

తప్పు ఫలితం ఇచ్చి "అయిపోయింది" అనడాన్ని భరించలేం. ఒక డైరెక్టరీలోని ఫైళ్లు మాత్రమే మిగలాలని ఇండెక్స్-ఫిల్టర్‌లో (ఫైళ్ల జాబితాను మాత్రమే మార్చే ఆప్షన్) గిట్ ఎల్ఎస్-ఫైల్స్ (ఫైళ్ల పేర్లు చూపేది) ఫలితాన్ని గ్రెప్ -వీ (ప్యాటర్న్‌కు దొరకని లైన్లను ఇచ్చేది) గుండా పంపి, మిగిలినవి తీసేయమన్నారనుకోండి. మామూలు ఆంగ్ల అక్షరాలు కాని పేర్లను కోట్లలో పెట్టే కోర్.కోట్‌పాత్ సెట్టింగ్ డిఫాల్టుగా ఆన్‌లో ఉంటుంది. కాబట్టి తెలుగులో పేరున్న ఫైలు జంటకోట్లలో, బ్యాక్‌స్లాష్ ఆక్టల్ అంకెలుగా బయటికి వస్తుంది. లైను మొదట్లో ఉన్నది డైరెక్టరీ పేరు కాదు, కోట్. ఉంచాల్సిన ఫైలు ప్యాటర్న్‌కు దొరకదు, తీసేయాల్సిన జాబితాలో పడుతుంది. పేరులో ఖాళీ ఉంటే, పేర్లను తీసేసే కమాండ్‌కు అందించే ఎక్స్‌ఆర్గ్స్ దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ఎర్రర్లు రాకూడదని ఫైలు దొరకకపోయినా ఊరుకోమనే ఇగ్నోర్-అన్‌మ్యాచ్‌ను అందరూ పెట్టే ఉంటారు కాబట్టి ఏ ఎర్రరూ రాదు. పేర్లను కోట్ చేయకుండా శూన్య బైట్‌తో విడదీసే -జెడ్ పెట్టి రాస్తే రెండు సమస్యలూ పోతాయి, నిజమే. కానీ ఆ సంగతి తెలిసినవాళ్లకు ఈ చర్చే అక్కర్లేదు.

ఇవి సరిచేయగలిగిన బగ్‌లు కావు. "వాడేవాళ్లు ఒక షెల్ స్క్రిప్టు ముక్క ఇవ్వండి, నేను ప్రతి కమిట్ మీదా నడుపుతాను" అన్నదే దాని ఇంటర్‌ఫేస్. లోపల ఎంత బాగుచేసినా ఆ ముక్క తప్పయితే ఫలితమూ తప్పే.

షెల్‌దారి
ట్రీవాకర్ గారూ, ఫైలు పేర్ల ఉదాహరణతో నాకు పేచీ లేదు. కానీ ఆ షెల్ ముక్కే దాని బలం కూడా. కమిట్-ఫిల్టర్‌లో స్కిప్_కమిట్ పిలిచి, షరతు పెట్టి కమిట్‌లు వదిలేయవచ్చు. పేరెంట్-ఫిల్టర్‌తో విడిపోయిన రెండు చరిత్రలను కలపవచ్చు. స్టేట్-బ్రాంచ్ ఇస్తే మ్యాప్‌ను ఒక బ్రాంచ్‌లో దాచుకుని, తర్వాతిసారి కొత్త కమిట్‌లను మాత్రమే రాస్తుంది. పెద్ద రెపో నుంచి ఒక సబ్‌డైరెక్టరీని రోజూ విడి రెపోగా ప్రచురించేవాళ్లకు అది కావాల్సిందే.

పైగా ఫిల్టర్-రెపోకు పైథాన్ 3 కావాలి. చిన్న కంటైనర్ ఇమేజ్‌లలో, బయటి ప్యాకేజీలు పెట్టనివ్వని బిల్డ్ యంత్రాలలో గిట్ ఉంటుంది, షెల్ ఉంటుంది, పైథాన్ ఉండదు. గిట్‌తో పాటు రాని, విడి రెపోలో ఉండే ఒక సాధనాన్ని చూపించి కోర్‌లోది తీసేస్తే, పాత స్క్రిప్టులు నడుపుకునేవాళ్లు ఎక్కడికి పోవాలి?

మెర్జ్‌పట్టు
ఈ దారిలో గిట్ ఇదివరకే ఒకసారి నడిచింది కాబట్టి దాన్ని చూద్దాం. రీబేస్‌లో, కొమ్మలు కలిసిన ఆకారాన్ని నిలబెట్టడానికి ప్రిజర్వ్-మెర్జెస్ ఆప్షన్ ఉండేది. దాని టుడూ జాబితాలో (చేయాల్సిన పనుల జాబితా) పిక్ (ఈ కమిట్‌ను తీసుకో అనే) లైన్లే ఉండేవి, ఏ కమిట్ ఏ కొమ్మ మీదిదో జాబితాలో ఎక్కడా కనిపించేది కాదు. అందుకే ఒక లైను పైకో కిందికో జరిపితే ఎవరూ ఊహించని ఆకారం వచ్చేది. ఇది కూడా డిజైన్ లోపమే, ప్యాచ్‌తో పోయేది కాదు. 2.18 (2018)లో రీబేస్-మెర్జెస్ వచ్చింది. లేబుల్, రీసెట్, మెర్జ్ అనే ఆదేశాలతో కొమ్మల ఆకారాన్ని టుడూలోనే రాసింది. మిగతా రీబేస్ అంతా సీ భాషలోకి మారినా ప్రిజర్వ్-మెర్జెస్ కోసం ఒక షెల్ స్క్రిప్టును మోయాల్సి వచ్చింది. 2.22 (2019)లో దాన్ని వదిలేస్తున్నామని ప్రకటించారు, 2.34 (2021)లో తీసేశారు.

ఇందులో గమనించాల్సింది వరస. ముందు అదే కమాండ్‌లో, అదే ఇన్‌స్టాలేషన్‌లో బదులు వచ్చింది, తర్వాత మూడేళ్లకు పైగా గడువు దొరికింది, ఆ తర్వాతే తొలగింపు. ఫిల్టర్-బ్రాంచ్ విషయంలో గడువు దండిగా దొరికింది గానీ కోర్‌లో బదులు రాలేదు. షెల్‌దారి గారి అభ్యంతరంలో నాకు బరువుగా కనిపించేది ఇదే.

ట్రీవాకర్
మెర్జ్‌పట్టు గారూ, కోర్‌లో బదులు లేదన్న మాట సగమే నిజం. ఫిల్టర్-రెపో కింద పనిచేసేవి ఫాస్ట్-ఎక్స్‌పోర్ట్, ఫాస్ట్-ఇంపోర్ట్, ఆ రెండూ కోర్‌లోవే. చరిత్ర మొత్తం ఒకే ప్రవాహంగా ఒక దాంట్లోంచి వచ్చి, మధ్యలో మారి, రెండో దాంట్లోకి పోతుంది. కమిట్‌కొక ప్రాసెస్ అక్కర్లేదు, వేగానికి అదే కారణం. పాత హ్యాష్‌లను ప్రవాహంలో చూపే ఆప్షన్, కమిట్ సందేశాల ఎన్‌కోడింగ్‌ను ఏం చేయాలో చెప్పే ఆప్షన్ 2019 విడుదలల్లో ఫాస్ట్-ఎక్స్‌పోర్ట్‌లోకి వచ్చాయి. నా దృష్టిలో కోర్ మోయాల్సింది ఈ పునాదినే. ఏ కమిట్‌ను ఎలా మార్చాలన్నది పైన ఉండే సాధనాల పని.

పాత స్క్రిప్టుల మాటకొస్తే, ఎన్వ్-ఫిల్టర్‌తో రచయిత ఈమెయిలు మార్చేవి ఫిల్టర్-రెపోలోని మెయిల్‌మ్యాప్ ఆప్షన్‌తో ఒక్క లైనులో పోతాయి. ఫిల్టర్-రెపో రెపోలోనే ఫిల్టర్-లేమ్లీ అనే నమూనా ఉంది. అది ఫిల్టర్-బ్రాంచ్ ఆప్షన్లనే చాలావరకు అలాగే తీసుకుంటుంది. రోజువారీ ప్రచురణకు స్టేట్-బ్రాంచే దిక్కు కాదు. అదే ఇన్‌పుట్, అవే ఫిల్టర్లు అయితే మొత్తం మళ్లీ నడిపినా అవే హ్యాష్‌లు వస్తాయి. పైథాన్ లేని యంత్రం మీద చరిత్ర తిరగరాయాల్సిన అవసరమేమిటో నాకు అంతుపట్టడం లేదు. ఇంకో యంత్రం మీద క్లోన్ చేసి (నకలు తీసుకుని), రాసి, పుష్ చేయవచ్చు (తిరిగి పంపవచ్చు) కదా.

నైట్‌బిల్డ్
తీసేయాలా వద్దా అన్నది తేలేలోపు, ఫిల్టర్-బ్రాంచ్‌తో పెద్ద ఫైలు తీసేసినా రెపో సైజు తగ్గలేదని అడిగేవాళ్ల కోసం ఇది. మూడుచోట్ల చూడండి. ట్యాగ్-నేమ్-ఫిల్టర్ క్యాట్ ఇవ్వకపోతే యానోటేటెడ్ ట్యాగ్‌లు (సందేశంతో పెట్టిన గుర్తు పేర్లు) పాత కమిట్‌లనే పట్టుకుని ఉంటాయి. హెచ్చరిక ఒక లైను వస్తుంది గానీ మిగతా ఔట్‌పుట్‌లో కలిసిపోతుంది. రెండోది రెఫ్స్/ఒరిజినల్ కింద ఫిల్టర్-బ్రాంచ్ దాచిన పాత రెఫ్‌లు (కమిట్‌లను చూపే పేర్లు), వాటిని అప్‌డేట్-రెఫ్ -డీతో తీసేయాలి. మూడోది రెఫ్‌లాగ్ (రెఫ్‌లు ఇదివరకు ఏ కమిట్‌ను చూపాయో రాసే చిట్టా): డిఫాల్టుగా 90 రోజులు, బ్రాంచ్ నుంచి చేరలేని ఎంట్రీలైతే 30 రోజులు నిలుస్తుంది. రెఫ్‌లాగ్ ఎక్స్‌పైర్‌ను --ఎక్స్‌పైర్=నౌ --ఆల్‌తో, ఆ తర్వాత జీసీని (అక్కర్లేనివి తుడిచే కమాండ్) --ప్రూన్=నౌతో నడిపితేనే ఆబ్జెక్ట్‌లు పోతాయి. ఇవన్నీ బ్యాకప్ క్లోన్ ఒకటి పక్కన పెట్టుకున్నాకే చేయండి.

ఫిల్టర్-రెపో ఈ శుభ్రత తనే చేస్తుంది. అందుకే తాజా క్లోన్ కాకపోతే ఫోర్స్ ఇచ్చేదాకా నడవనంటుంది, ఆరిజిన్ రిమోట్‌ను (క్లోన్ చేసిన సర్వర్ చిరునామా) కూడా తీసేస్తుంది. చాలామంది దీన్ని విసుగ్గా చూస్తారు గానీ, పొరపాటున పాత సర్వర్‌కు పుష్ కాకుండా ఆపేది అదే.

ఏది వాడినా పాత క్లోన్ ఉన్న ఒక్కరు పుల్ చేసి మెర్జ్ చేసి పుష్ చేస్తే పాత చరిత్ర మొత్తం తిరిగొస్తుంది. అందరూ కొత్తగా క్లోన్ చేయాలి. తీసేసింది పాస్‌వర్డ్ అయితే ముందు దాన్ని మార్చండి, చరిత్ర సంగతి తర్వాత.

షెల్‌దారి
ట్రీవాకర్ గారూ, మెయిల్‌మ్యాప్ మాట ఒప్పుకుంటున్నాను, ఆ స్క్రిప్టులు మారిపోవచ్చు. రోజూ మొత్తం మళ్లీ నడపడం మాత్రం లక్షల కమిట్‌లున్న రెపోలో ఒప్పుకోలేను. హ్యాష్‌లు అవే వచ్చినా ఆ సమయం, ఆ డిస్కు పని రోజూ పెట్టాల్సిందే. ఫిల్టర్-లేమ్లీ నమూనాగా పెట్టింది, దాన్ని ఆధారం చేసుకోమని ఎవరికీ చెప్పలేం.

నేనడిగేది ఇది. కొత్త ఆప్షన్లు ఏవీ తీసుకోకుండా స్తంభింపజేయండి. ఫైలు పేర్ల వల్ల జరిగే నష్టాన్ని ఆపడానికి, ఫిల్టర్ నడిచేటప్పుడు కోర్.కోట్‌పాత్‌ను ఆఫ్ చేసి పెట్టండి.

ట్రీవాకర్
కోట్‌పాత్ ఆఫ్ చేసినా ట్యాబ్, న్యూలైన్, జంటకోటు, బ్యాక్‌స్లాష్ ఉన్న పేర్లు కోట్లలోనే వస్తాయి, ఖాళీల సమస్య అలాగే ఉంటుంది. పైగా ఇప్పటి కోట్‌లను విప్పుకునేలా రాసిన స్క్రిప్టులు ఆ మార్పుతో విరుగుతాయి. ఎవరి స్క్రిప్టులను కాపాడటానికి ఉంచమంటున్నారో వాళ్లవే. స్తంభింపజేస్తే పూర్తిగా స్తంభింపజేయాలి. అలాగైతే తొలగించే విడుదల ఏదో కూడా ఆ హెచ్చరికలోనే రాయాలి.